ఎడారికి వెళ్లిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఇత్తడి ఒళ్లు, పొట్టి మెడ, దాని మీద తిప్పి బిగించే మూత. నన్ను తలకిందులుగా పట్టుకున్నా చుక్క నీరు కారదు. నా మెడకు మరలు కోసిన వీరాచారి, "ఇది ఊళ్లు తిరగాల్సిన సరుకు" అంటూ నన్ను ముద్దుగా తట్టి కొట్టుకు పంపించాడు.

నన్ను మొదట కొనుక్కున్న పెద్దాయన రామేశ్వరం తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక ఆ యాత్ర గురించి ఊరందరికీ చెప్పాడు. సముద్రం గురించి ఒక ముక్క, రైల్లో తిన్న పులిహోర గురించి పది ముక్కలు. మనుషులు అంత దూరం వెళ్లి ఏం చూస్తారో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు. ఆ తర్వాత మేనకోడలు మంగతాయారు పెళ్లికి నన్ను బహుమతిగా ఇచ్చేశాడు. అలా పాలకొల్లు చేరాను.

మంగతాయారుకు ప్రయాణాల పిచ్చి. వంటింట్లో బియ్యం డబ్బా పైన దేశపటం అంటించుకుంది. పోపు వేస్తూ ఢిల్లీ వెళ్లేది, పప్పు రుబ్బుతూ అస్సాం తిరిగేది. పటంలో ఆమె చూపు చివరికి వెళ్లి ఆగేది మాత్రం రాజస్థాన్ ఎడారి మీదే. ఇంటి వెనక కాలువ, ముందు చెరువు, చుట్టూ వరిచేలు. పుట్టిన దగ్గర్నుంచీ కాళ్లు తడుపుకుంటూ నడిచిన మనిషికి నీళ్లే లేని నేల ఎలా ఉంటుందో చూడాలని కోరిక. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట సంచీ సర్ది, నన్ను నింపి, హాల్లో ఆ సంచీ మీదే కాసేపు కూర్చునేది. తర్వాత అన్నీ తీసి యథాస్థానంలో పెట్టేసేది. మేము అలా ఎన్నిసార్లు బయల్దేరామో!

ఆమె భర్త భావనారాయణకు మందుల షాపే లోకం. కొత్త ఊరి నీళ్లు పడవని ఆయన గట్టి నమ్మకం.

"నీళ్లు లేని చోటు చూడ్డానికి ఇన్ని నీళ్లు దాటుకుని వెళ్లాలా? నీకేవన్నా మతుందా తాయారూ?" అనేవాడు.

"ఒక్కసారి చూసొద్దామండీ. చూశాక మీరేమంటే అదే."

చివరికి ఆయన లొంగాడు, ఒక షరతు మీద. "దారిలో ఏ తేడా వచ్చినా సరే, మళ్లీ నా దగ్గర ప్రయాణమన్న మాట ఎత్తకూడదు." ఆమె ఆయన చేతిలో చెయ్యి వేసి ఒప్పుకుంది.

రైళ్లు మారి మారి ఎడారిలోకి వచ్చాం. కిటికీ అవతల ఇసుక, ముళ్లచెట్లు, ఎక్కడో ఒక ఒంటె. మంగతాయారు కన్ను ఆర్పలేదు. ఒక చిన్న స్టేషన్లో, ఎదురుగా వచ్చే బండి కోసం మా రైలు ఆగింది. నేను ఖాళీ. నన్ను పట్టుకుని ఆమె దిగింది. ప్లాట్‌ఫారం మీద కుళాయి ఎండిపోయి ఉంది. కంచె అవతల చెట్టు కింద ఒక ముసలమ్మ మట్టికుండ పెట్టుకుని కూర్చుంది. అటు నడిచాం. వెనక రైలు కూసింది. తిరిగి చూసేసరికి పెట్టెలు కదులుతున్నాయి. కిటికీలో భావనారాయణ, చేతిలో సగం తిన్న పూరీతో, "తాయారూ!" అని అరుస్తున్నాడు. ఆమె పరుగెత్తింది గానీ అందుకోలేకపోయింది.

ఊరు కాని ఊరు, చేతిలో నేను తప్ప ఏమీ లేదు. అయినా ఆమె గొణుక్కున్నది వేరే మాట: "అయిపోయింది. ఇంక నన్ను వీధి గుమ్మం దాటనివ్వరు."

ముసలమ్మ పేరు ధాపూ. ఆమె మంగతాయారును చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టి, తన కుండలోంచి నన్ను అంచు దాకా నింపింది. మంగతాయారు గటగటా తాగి, అలవాటు కొద్దీ మిగిలిన నీళ్లు మొహాన చల్లుకోబోయింది. ధాపూ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. కోపంగా కాదు, చంటిబిడ్డ మంచం మీంచి జారుతుంటే పట్టుకున్నట్టు. చేతిలోంచి జారిన రెండు చుక్కలను దోసిట్లో పట్టి పక్కనున్న మేకపిల్లకు నాకించింది. మంగతాయారు సిగ్గుతో తల దించుకుంది. అన్నేళ్లు పటంలో వెతికిన ఎడారిని ఆమె ఆ దోసిట్లో చూసిందనుకుంటాను.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మంగతాయారు ఇసుకలో వేలితో తన ఇల్లు గీసింది. వెనక కాలువ, దానిలో పడవ. తర్వాత బాతులు గీసి, అవి ఎలా అరుస్తాయో అరిచి చూపించింది. ధాపూ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంటి వెనకే అంత నీరుంటుందంటే మాత్రం నమ్మలేదు. ఇలాంటి అబద్ధాలు చెప్పే మనిషి ఆమెకు బాగా నచ్చింది. సగం రొట్టె విరిచి పెట్టింది.

పొద్దు వాలుతుండగా దుమ్ము రేపుకుంటూ ఒక లారీ వచ్చింది. నిండా మేకలు. వాటి మధ్య సంచుల మీద, జుట్టంతా ఇసుకతో, మా భావనారాయణ! పక్క స్టేషన్లో దిగి, సైగలతోనే లారీవాణ్ణి ఒప్పించుకుని వచ్చాడట. మంగతాయారు లేచి నిలబడింది, తిట్లకు సిద్ధంగా.

ఆయన దూకి, ఆమెను పైనుంచి కింది దాకా చూసి, ఊపిరి పీల్చుకున్నాడు. "బానే ఉన్నావా? భయపడ్డావా?"

"మీరు?"

"నాకు భయపడ్డానికి టైమేదీ? లారీ మీదెక్కితే ఎంత దూరం కనిపిస్తోందే! ఒక మేకపోతు దారంతా నా భుజం మీదే తలెట్టుకు పడుకుంది." గొంతు తగ్గించి, "ఇక్కడి నీళ్లు పడతాయంటావా?" అన్నాడు. ఆమె నన్ను అందించింది. కడదాకా తాగాడు, చుక్క ఒలకకుండా. షరతు గురించి ఇద్దరూ నోరెత్తలేదు.

నేను చేతికి దొరికినప్పుడల్లా ధాపూ నా మూత తిప్పుతూ, బిగిస్తూ, నన్ను తలకిందులు చేస్తూ ఆశ్చర్యపోతూనే ఉంది. సాయంత్రం బండి వచ్చినప్పుడు మంగతాయారు నన్ను ఆమె ఒళ్లో పెట్టి, చీర కొంగుతో ఒకసారి తుడిచి, ఎక్కేసింది. కదిలే కిటికీలోంచి వాళ్ల మాటలు వినిపించాయి.

"ఈసారి మంచు చూద్దామండీ."

"మంచు సరే, స్వెట్టర్లెక్కడ దొరుకుతాయ్?"

నాకు బెంగ కలిగిందా అంటే, కలిగింది. రెండు వేసవులు మేకల వెనక నడిచాక తగ్గింది. ఇక్కడ నన్ను నింపేటప్పుడు మాటలు ఆగిపోతాయి. ఇంత గౌరవం నాకు గోదావరి ఒడ్డున ఎవరూ ఇవ్వలేదు.

మొన్న వానలు పడ్డాక ధాపూ మేకలను కోడలికి అప్పగించి, నన్ను నింపి, రొట్టెలు మూటకట్టి, దారిలో ఒకసారి బాతులా అరిచి నవ్వుకుని, స్టేషన్‌కు నడిచింది. జీవితంలో ఎప్పుడూ రైలెక్కని మనిషి, బండి రాగానే ఎక్కేసింది. ఇది ఎటు పోతుందో నాకు తెలియదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. కిటికీ పక్క చోటు మాత్రం ఎవరికీ ఇవ్వనంటోంది.