పొడి అక్షరాల క్లాసు

నరసరావుపేటలో ఎస్పెరాంటో భాష నేర్పుతానని సాదియా రెండుసార్లు క్లాసు పెట్టింది. రెండుసార్లూ మూడో ఆదివారానికల్లా గది ఖాళీ. మొదటిసారి వాళ్ళు కనీసం చెప్పి వెళ్ళారు, రెండోసారి వాళ్ళు ఫోన్లెత్తడం కూడా మానేశారు. ఆ గది సాదియా నాన్న మౌలాలీది. ఆయన లారీ సామాన్ల షాపు మీద మేడగది అది. దాచేపల్లి సిమెంటు లారీలు ఎప్పుడో ఒకప్పుడు ఆ షాపు ముందు ఆగాల్సిందే కాబట్టి ఆయనకి సరుకు పెట్టుకోడానికి చోటు ఎన్నడూ చాలదు.

"చూడమ్మా, నీ ముచ్చట కాదనలేక రెండుసార్లు ఊరుకున్నా," అన్నాడాయన మూడోసారి తాళంచెవి ఇస్తూ. "ఈ దఫా కూడా జనం జారుకున్నారంటే గదిలోకి టైర్లెక్కుతాయి. మళ్ళీ నన్నడగబాక."

సాదియా సరేనంది. అనక ఏం చేస్తుంది? ఎస్పెరాంటో ఏ దేశానిదీ కాదు. వేర్వేరు భాషల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి నూట ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట ఒక కంటిడాక్టరు పనిగట్టుకుని తయారుచేసిన భాష. లాక్‌డౌన్‌లో బీకాం పుస్తకాలు పక్కన పడేసి ఆ పిల్ల ఫోన్లోనే దాన్ని నేర్చేసుకుంది. బ్రెజిల్లో స్నేహితురాలుంది, హంగరీలో ఇష్ట్వాన్ తాత ఉన్నాడు. కానీ సొంత ఊళ్ళో 'సలూతోన్' అని పలకరిస్తే తిరిగి 'సలూతోన్' అనే నరమానవుడు లేడు. ఆ ఒక్క మాట కోసమే ఈ అగచాట్లన్నీ. ఈసారి గది పోతే ఆ ఆశా పోయినట్టే.

జనం ఎందుకు పారిపోయారో ఆమెకు తెలుసు. భాష కష్టమై కాదు, అది నిజంగానే తేలిక. వాళ్ళని తరిమింది పొడి అక్షరాలు. ఆ లోకంలో అడుగుపెట్టగానే ప్రతివాడూ పొట్టి మాటల్లోనే మాట్లాడతాడు. యూఈఏ అంటాడు, తేయో అంటాడు, ఐజేకే అంటాడు, వాక్యం చివర ఊరికే కేటీపీ అని తగిలిస్తాడు. మొదటి బ్యాచిలో కృష్ణచైతన్య అనే ఇంజనీరింగ్ కుర్రాడుండేవాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో 'ఈసారి యూకేలో కలుద్దాం' అని పెట్టగానే వీసా ఎవరిస్తారని అడిగాడు. అది ఇంగ్లాండు కాదు నాయనా, ఏటా జరిగే ప్రపంచ మహాసభ అని తెలిసిన రోజునే వాడికి భాష మీద మోజు తీరిపోయింది.

అందుకని మూడోసారి సాదియా జాగ్రత్తపడింది. పొడి అక్షరాలన్నీ పెద్ద చార్టు మీద రాసి, పక్కన వాటి పూర్తి మాటలు రాసి గోడకి అంటించింది. ఆమె తెలివి అక్కడే బెడిసికొట్టింది. తేయోని విప్పితే నాలుగు కొత్త మాటలు ఊడిపడ్డాయి. ఆ నాలుగింటికీ అర్థాలు చెప్పబోతే ఇంకో నాలుగు. గంట గడిచేసరికి వచ్చినవాళ్ళ ముఖాలు వాడిపోయాయి.

వచ్చినవాళ్ళు మాత్రం ఎంతమంది? షాపులో మెకానిక్ యాసిన్, చర్చి పక్కన ట్యూషన్లు చెప్పే ఫిలోమినా, వీధి చివర సుబ్బరత్నం. సుబ్బరత్నం డ్వాక్రా లీడరు, గ్రూపులన్నీ కలిసే వీఓ మీటింగులకీ ఆమే పోతుంది. ఆమె గొంతు బస్టాండు దాకా వినపడుతుంది, మాటకి మాట అప్పజెప్పందే నిద్రపట్టదు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక వచ్చింది తప్ప ప్రపంచశాంతి కోసం కాదు.

"నావల్ల కాదు సాదియా," అని యాసిన్ చెప్పుల వైపు చూశాడు. "ఇంజన్లో ఇన్ని నట్లుండవు."

ఇదిగో, మళ్ళీ మొదలు అనుకుంది సాదియా.

"కూర్చోరా," అంది సుబ్బరత్నం. తర్వాత సాదియా వైపు తిరిగింది. "ఏమే, డ్వాక్రా అంటే ఏందే?"

"అదేందత్తా, ఆడవాళ్ళ గ్రూపు."

"అట్టా కాదు. ఆ గోడ మీద రాసినట్టు విప్పి చెప్పు. ఒక్కో అక్షరం."

సాదియాకి తెలియదు. ఫిలోమినా కూడా తల అడ్డంగా ఊపింది.

"నాకూ తెలవదు," అంది సుబ్బరత్నం ఏ మాత్రం సిగ్గుపడకుండా. "పిల్లలు పుట్టకముందు నుంచీ లీడర్ని. ఎంఆర్ఓని ఏనాడన్నా విప్పి చూశామా? పని పడితే పోయి నిలబడతాం. నువ్వు ఇవన్నీ విప్పతన్నావు గానీ వాటితో మాకేం పనో చెప్పటంలా. తేయో దగ్గరికి నేనెప్పుడు పోవాలి? అది చెప్పు."

సాదియాకి అప్పుడు తట్టింది. ఈ ఊళ్ళో సగం బతుకు పొడి అక్షరాల మీదే నడుస్తోంది, ఎవరూ భయపడటం లేదు. తనే అనవసరంగా భయపెట్టింది. కోపం తన మీదే వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. లేచి చార్టుని గోడ నుంచి పీకి చుట్టచుట్టి మూల పెట్టింది.

"సరే అత్తా, విను. యూఈఏ అంటే హెడ్డాఫీసు. తేయో అంటే దాని కుర్రాళ్ళ విభాగం, పార్టీలకి యూత్ వింగ్ ఉన్నట్టు. నీకు వయసు దాటిపోయింది, దాని జోలికి పోబాక."

"నీ నోట్లో దుమ్ముపడ, చెప్పు చెప్పు!"

"యూకే అంటే మన కోటప్పకొండ తిరనాళ్ళ. కాకపోతే కొండ కదలదు, అది ఏటా దేశం మారుద్ది. ఐజేకే కుర్రాళ్ళ తిరనాళ్ళ. పీఎస్ అంటే, ఏ ఊరు పోయినా మన భాషవాళ్ళ ఇంట్లో ఊరికే దిగొచ్చు."

"సభలకొచ్చిన పాస్టర్లు విశ్వాసుల ఇళ్ళలో దిగినట్టు," అంది ఫిలోమినా. ఆమె ముఖం విప్పారింది.

"కేటీపీ?" అని అడిగాడు యాసిన్. చెప్పుల సంగతి మర్చిపోయాడు.

"చెప్పి చెప్పి ఓపిక అయిపోయినప్పుడు 'వగైరా' అంటాం చూడు, అదే."

"అదైతే నాకు రోజూ పనికొచ్చిద్ది," అన్నాడు వాడు. గది గొల్లుమంది.

ఆ తర్వాత ఆదివారం ముగ్గురూ వచ్చారు. ఆపై ఆదివారం ఫిలోమినా తన ట్యూషన్ పిల్లల తల్లులిద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. సుబ్బరత్నం గ్రూపువాళ్ళు కొందరొచ్చారు, రాకపోతే ఆమె ఊరుకోదు. పలకరింపులు, కూరగాయలు, బంధువులు, వెళ్ళడం, రావడం. సాదియా చిన్న చిన్న మాటలే నేర్పింది, వాటితోనే అందరినీ మాట్లాడించింది. వీధిలో సుబ్బరత్నం ఎదురైతే 'సలూతోన్!' అని కేకేసేది. అరటిపళ్ళబండి వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. సాదియాకి మాత్రం ఆ కేక వినపడ్డ రోజు అన్నం రుచిగా ఉండేది.

కానీ అసలు పరీక్ష మిగిలే ఉంది. ఇష్ట్వాన్ తాత నెలకోసారి వీడియోకాల్లో పెట్టే సమావేశానికి నరసరావుపేట క్లాసుని పిలిచాడు. పాతకాపులంతా ఉండే చోటది. మెరుపుల్లా మాట్లాడుకుంటారు. అక్కడ గనక బిక్కమొహం వేస్తే తనవాళ్ళు మళ్ళీ మేడ మెట్లెక్కరని సాదియాకి తెలుసు. ఆరోజే మౌలాలీకి కొత్త టైర్ల లోడు దిగింది. లోడుని కిందనే ఆపించి, ఈ వ్యవహారం ఏమవుతుందో చూద్దామని ఆయన పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తెర మీద ముఖాలు నిండాయి. అనుకున్నంతా అయింది. యూకేలో ఎవరు ఎక్కడ దిగుతున్నారు, పీఎస్ దొరికిందా, యూఈఏ ఏమంది, కేటీపీ, కేటీపీ. సాదియా వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ బెదరలేదు. యాసిన్ పక్కవాళ్ళకి చెవిలో చెబుతున్నాడు, "తిరనాళ్ళలో బస గురించి." ఫిలోమినా గొంతు సవరించుకుని, నరసరావుపేట వస్తే మా ఇంట్లో దిగండి, పీఎస్, అని ఎస్పెరాంటోలో ఆహ్వానించేసింది. అటువైపు వాళ్ళు చేతులూపారు.

"మరి మీరేం చేస్తుంటారు?" అని ఇష్ట్వాన్ తాత సుబ్బరత్నాన్ని అడిగాడు.

ఆమె కొంగు సర్దుకుంది. వచ్చిన మాటలన్నీ కూడగట్టుకుని చెప్పింది. నేను డ్వాక్రా లీడర్ని. వీఓకి పోతాను. ఎంఆర్ఓ దగ్గరికి పోతాను. కేటీపీ.

తెర మీద ఖండాంతరాల పెద్దలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇష్ట్వాన్ తాత కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "క్షమించండి," అన్నాడు నెమ్మదిగా, "డ్వాక్రా అంటే ఏమిటి?"

సాదియా చెప్పబోయి ఆగింది. ఇది ఆమె చెప్పాల్సింది కాదు.

"దెక్ విరీనోయ్," అంది సుబ్బరత్నం, రెండు చేతుల వేళ్ళూ చూపిస్తూ. "ఊను ప్లోరాస్, దెక్ ఈరాస్."

పదిమంది ఆడవాళ్ళు. ఒకతె ఏడిస్తే పదిమందీ కదులుతారు.

ముసలాయన చప్పట్లు మొదలుపెట్టాడు. అన్ని గళ్ళలోనూ చప్పట్లు. బ్రెజిల్ పిల్ల లేచి నిలబడింది. ఎంఆర్ఓ అంటే ఎవరని ఒకరు, వీఓ ఏమిటని ఇంకొకరు, ఎగబడి అడుగుతున్నారు. "గ్రాండా సేజో," అని సుబ్బరత్నం పెద్ద కుర్చీ ఒకటి గాలిలో గీసింది. "లీ స్క్రీబాస్, నీ ఈరాస్ హేయ్‌మెన్." ఆయన రాస్తాడు, మేం ఇంటికి పోతాం. ఇష్ట్వాన్ తాత పగలబడి నవ్వాడు.

సాదియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. సంతోషంతో వచ్చినవాటిని దాచుకోవడం దేనికి?

మౌలాలీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అంతమంది తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు తన మేడగదిలోకి తొంగిచూస్తూ సుబ్బరత్నం మాట కోసం ఎదురుచూడటం అర్థమైంది. మెట్ల వైపు తిరిగి, "ఒరేయ్, ఆ లోడు పెరట్లో దించండి, పైకి తేబాకండి!" అని కేకేశాడు.

తెర మీద ఇష్ట్వాన్ తాత రెండు చేతులూ ఎత్తేశాడు. మీ ఊరి పొడి అక్షరాలు మాకు తలకెక్కడం లేదు, కాస్త మెల్లగా చెప్పండి అని బతిమాలుతున్నాడు. సుబ్బరత్నం తెరకి దగ్గరగా జరిగింది. చంటిపిల్లాణ్ణి ఊరడించే గొంతుతో ఏదో అంది.

"ఏమన్నదే?" అని అడిగాడు మౌలాలీ.

"'భయపడబాక తాతా, నిదానంగా అదే వచ్చిద్ది' అంది."

"ఎవురికి? మనకా?"

"కాదు నాయనా," అంది సాదియా. "వాళ్ళకి."