ఉల్లి వేర్ల వెలుతురు

అగ్రఫేనా జాడీల్లో నీళ్ళు మారుస్తోంది. ఒక్కో ఉల్లిపాయనూ మెడ పట్టి పైకెత్తి, కింద వేలాడే తెల్లటి వేర్లు దేనికీ తగలకుండా పక్కన పెట్టి, పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తోంది. చేతి కణుపులు వాచాయి. నడుము లాగేస్తోంది. లెనిన్‌గ్రాద్‌లోని ఈ ప్రయోగశాలలో పాతికేళ్ళుగా ఆమెకు ఇదే పని.

ప్రొఫెసర్ మత్వేయ్ ఇలిచ్ చెప్పేది ఒకటే. ప్రాణమున్న ప్రతిదాని నుంచీ కంటికి కనిపించని వెలుతురు వస్తుందట. ఆకు ఆకులా, చెయ్యి చేతిలా రూపు కట్టడానికి తల్లి గింజలోంచి వచ్చిందొక్కటే చాలదట. చుట్టూ ఉన్న ఆ వెలుతురే ఒక్కో కణానికీ దాని చోటు చూపిస్తుందట. ఒక ఉల్లి వేరు కొసను ఇంకో వేరు పక్కకు గురిపెడితే, ఆ పక్కన అవతలి పక్క కన్నా కణాలు ఎక్కువ పుట్టాలి. మధ్యలో క్వార్ట్జ్ పలక ఉంటే వెలుతురు దాటుతుంది, మామూలు గాజు ఉంటే ఆగిపోతుంది.

అగ్రఫేనాకు అర్థమైంది ఇంతే: వేరు తిన్నగా రావాలి, పలక పగలకూడదు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క గాజుముక్క పగల్లేదు. భర్త లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ మంచి పేరే. "గ్రూషా చేతిలో పెడితే చాలు, ఇంక నేను చూడక్కర్లేదు" అని ప్రొఫెసర్ ఆమెను ముద్దుపేరుతో పిలుస్తూ వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ఆ మాటకు ఆమె ఎంత పొంగిపోయేదో ఆయనకు తెలియదు.

ఇప్పుడాయన గుండెజబ్బుతో మంచం పట్టాడు. సంస్థకు కొత్తగా వచ్చిన పెద్దలకు ఈ వెలుతురు గిట్టదు. రూపం తిండిని బట్టి, వాతావరణాన్ని బట్టి వస్తుందనీ, తక్కినదంతా చాదస్తమనీ తేల్చేశారు. ఆఖరిసారి ఒక ప్రయోగం చేసి చూపించమన్నారు. క్వార్ట్జ్ పలకకు అటూ ఇటూ వేర్లు అమర్చింది అగ్రఫేనాయే. సన్నగా కోసిన ఆ వేరు ముక్కలను వాళ్ళు వేసిన కమిషన్ తరఫున వచ్చిన రెబ్రోవ్ పక్క బల్ల దగ్గర మైక్రోస్కోపులో లెక్కపెడుతున్నాడు.

మధ్యాహ్నానికి కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"రెండు పక్కలా ఒకటే, గ్రూషా అత్తా. తేడా లేదు."

"ఇంకోసారి చూడు నాయనా."

"చూశాను. నాకు మాత్రం సరదానా? మీ ఉల్లిపాయలు మాట్లాడుకోవు. మా ఉమ్మడి వంటింట్లో ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు, అది చాలు. రేపు ప్రయోగశాల తాళం ఇచ్చెయ్యి. వీటిని సూపులో వేసుకో."

అతను చెడ్డవాడు కాడు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరకలేదని ఆమెకు ఉసూరుమనిపించింది.

ప్రొఫెసర్ ఇంటికి ట్రాములో నిలబడే వెళ్ళింది. తడి మంచు బూట్లలోకి దిగింది. ఆయనకేం చెప్పాలన్నదే దారంతా.

ప్రొఫెసర్ చెల్లెలు లీదియా ఇలినిచ్న తలుపు తీసింది. "ఆదివారం నుంచి ఏమీ ముట్టలేదు. నీకోసమే చూస్తున్నాడు" అంది.

"చెప్పు గ్రూషా. తేడా వచ్చిందా?" అన్నాడు ప్రొఫెసర్ మంచం మీంచే.

"రాలేదు, మత్వేయ్ ఇలిచ్."

ఆయన గోడ వైపు తిరిగాడు. "అయితే బతుకంతా తప్పేనన్నమాట" అని గోడతోనే అన్నాడు.

ఆ వీపు చూసి ఆమె తట్టుకోలేకపోయింది.

"ఎలా వస్తుందండీ? క్వార్ట్జ్ పలక పగలగొట్టేశాను. భయమేసి మామూలు గాజు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు."

పలక పగల్లేదు. దాన్ని తుడిచి, దూదిలో చుట్టి, తనే బీరువాలో పెట్టి వచ్చింది.

ఆయన మోచేతి మీద లేచాడు. మొహంలోకి రక్తం వచ్చింది.

"గాజు పెట్టావా? ఓసి మొద్దుదానా, గాజు పెడితే రాకపోవడమే కదే రైటు. ఇన్నేళ్ళు నా పక్కనుండి నేర్చుకుంది ఇదా? నిన్ను నమ్మి కళ్ళు మూసుకున్నాను చూడు, నన్ననాలి." తిడుతూనే నవ్వుతున్నాడు. "లీదా, టీ పెట్టు. చక్కెర కూడా. ఈ దద్దమ్మకొద్దు, నాకే."

అగ్రఫేనా తల దించుకుని నిలబడింది. ప్రతి మాటా గుచ్చుకుంది.

చక్కెర గడ్డ కొరుక్కుంటూ ఆయన టీ తాగాడు. ఇంకో పలక ఎవరినడగాలో, వేర్లు మళ్ళీ ఎలా అమర్చాలో చెప్పి చెప్పి, కాసేపు పడుకుంటానన్నాడు. మళ్ళీ లేవలేదు.

చీకటి పడుతుండగా లీదియా ఇలినిచ్న, చావింటి ఆచారం ప్రకారం, అద్దం మీద గుడ్డ కప్పింది. శాలువా చుట్టుకుంటున్న అగ్రఫేనా వైపు చూడకుండానే అంది:

"నిన్నంత నమ్మాడే. పగిలిందని అప్పుడే చెబితే ఏం పోయేది?"

"తప్పేనమ్మా."

"ఇంక మా ఇంటికి రాకు."

అగ్రఫేనా తలూపింది. మంచం పక్కన, సాసరులో, ఆయన సగం కొరికి తరవాతకని దాచుకున్న చక్కెర గడ్డ ఉంది, పంటి గాట్లు ఇంకా తడిగానే.