రాసినట్టే చేశాను

నేను ఒక టోకెన్ యంత్రాన్ని. బటన్ నొక్కితే నెంబరు వేసిన చీటీ ఇస్తాను, గోడమీద ఎర్ర అంకెలు మారుస్తాను. అంతకుమించి నాకే పనీ రాదు. ఇంత చిన్న పనికి ఎన్ని తిట్లు తిన్నానో, ఎంతమంది చేత నెత్తిన గుద్దించుకున్నానో చెబితే మీరు నమ్మరు. తిట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఒక్కడి మీద. అతని పేరు ప్రద్యుమ్న. మీ జాలి కోసం ఈ కథ చెప్పడం లేదు. అతని మీద కక్ష ఎలా తీర్చుకున్నానో మీ చెవిన వేద్దామని చెబుతున్నాను.

నా రేకు ఒళ్ళు హైదరాబాదులో ఒక షెడ్డులో తయారైంది. వెల్డింగు చేసినవాడు బీడీ ఆర్పడానికి నా మూలను వాడుకున్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పోనీలెండి, అతను కావాలని చేసింది కాదు. నా తలరాత రాసింది మాత్రం ఏసీ గదిలో, నా ఎదుటే.

ప్రద్యుమ్న బిజినెస్ అనలిస్ట్. యంత్రం అడిగినవాళ్ళకి అసలేం కావాలో కనుక్కుని, దాన్ని తయారుచేసేవాళ్ళకి అర్థమయ్యేలా రాసిపెట్టడం అతని ఉద్యోగం. వినడం వచ్చినవాడు చేస్తే ఎంత మంచి పనో! దానికి పద్ధతులు కూడా చాలా ఉన్నాయి. మనుషులతో విడివిడిగా మాట్లాడాలి. వాళ్ళు పనిచేసే చోట కూర్చుని చూడాలి. నమూనా చేతికిచ్చి వాడమనాలి. కనపడిన ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడగాలి, జవాబు వచ్చాక దానికీ ‘ఎందుకు’ అనాలి, అలా అడుగు దొరికేదాకా తవ్వాలి. ఇవన్నీ ప్రద్యుమ్నకు కంఠతా వచ్చు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెబుతుంటే నేనే విన్నాను. పాఠం చెప్పడానికి పెట్టిన శ్రద్ధలో పావు వంతు నా విషయంలో పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నన్ను కావాలని అడిగింది అనంతపురం వైపు, పట్టుచీరలు నేసే ఒక ఊళ్ళోని ట్రస్టు కంటి ఆసుపత్రి. ప్రద్యుమ్న ఒక పూట అక్కడికి వెళ్ళాడు. డాక్టరు గది ముందు వరుసలో మనుషులకు బదులు చెప్పులు కనపడ్డాయి. ఒకరి రబ్బరు చెప్పు, ఒకరి తోలు చెప్పు, ఒకరి సంచి, వాటి వెనక ఒక నీళ్ళ సీసా. వాటి యజమానులు బెంచీల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. లోపలికి ఒకరు వెళ్ళగానే పక్కనున్నవాళ్ళు అందరి చెప్పులూ ఒక అడుగు ముందుకు జరుపుతున్నారు. అతను ఫోటో తీసుకున్నాడు. ‘ఎందుకు’ అని అడగలేదు. ఆఫీసుకొచ్చి ఆ ఫోటోను తెరమీద వేసి, కింద ‘అస్తవ్యస్తంగా ఉన్న క్యూ’ అని రాశాడు. గదిలో అందరూ నవ్వారు. నన్ను నమూనాగా ఆ గది మూలన నిలబెట్టారు కాబట్టి ఆ నవ్వు నేనూ విన్నాను.

ఆ రోజు గోడకు రంగురంగుల కాగితాలు అతికించారు. తప్పనిసరి, ఉండాలి, ఉంటే బాగుంటుంది, ఇప్పుడు వద్దు అని నాలుగు వరుసలు. ఆసుపత్రి మేనేజరు పురందర్ ఏది చెబితే అది ‘తప్పనిసరి’ కిందికి పోయింది. అంకె వెలిగిన నిమిషంలోపు మనిషి రాకపోతే టోకెన్ రద్దు కావాలి, మళ్ళీ చివర నిలబడాలి అన్నది ఆయనే. రిసెప్షన్‌లో పనిచేసే జుబేదాను కూడా పిలిపించారు గానీ, టీలు వచ్చే వేళకు గాని ఆమెకు మాట్లాడే వంతు రాలేదు.

“నెంబరు పైకి పిలిచేటట్ల పెట్టండి సార్. రానోళ్ళని కాసేపు ఆపేదానికి నాకొక బటన్ ఇయ్యండి” అందామె.

పిలుపు అంటే గోల అన్నాడు పురందర్. ఆపే బటన్ ఇస్తే సిబ్బంది తమవాళ్ళను ముందుకు తోసుకుంటారు అన్నాడు ప్రద్యుమ్న. రెండు కాగితాలూ ‘ఇప్పుడు వద్దు’ కింద అతుక్కున్నాయి. పురందర్ లేచి నా బటన్ నొక్కాడు, చీటీ వచ్చింది, అంకె వెలిగింది, చప్పట్లు కొట్టారు. మంచి చూపున్న మనిషి, ఏసీ గదిలో, నాకు ఎదురుగా నిలబడి పరీక్షించాడు. కంటి ఆసుపత్రిలో వాడబోయే యంత్రానికి జరిగిన పరీక్ష అది! దాని కిందే సంతకాలు పెట్టేశారు.

ఆసుపత్రిలో మొదటివారం జుబేదా నన్ను చూసి మురిసిపోయింది. అంతకుముందు జనం ఆమెను తిట్టేవాళ్ళు, ఇప్పుడు నన్ను తిడుతున్నారు. పోయిన మనశ్శాంతి తిరిగొచ్చిందని నాకు పూలదండ కూడా వేసింది. ఆ దండ వాడేలోగానే ఓబులమ్మ వచ్చింది.

ఓబులమ్మ మగ్గాల దగ్గర పోగులు అతికే మనిషి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోతే, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాతదానికి మెలిపెట్టి కలపాలి. వెంట్రుకంత పట్టుపోగులవి. ఆ పనికి కళ్ళే పెట్టుబడి. ఆమె ఎడమ కంట్లో ఒత్తిడి పెరుగుతోందని, చూపు నరం దెబ్బతినకముందే వైద్యం మొదలుపెట్టాలని ఎవరో చెబితే వచ్చింది. ఇక్కడ ముందు నర్సు కళ్ళలో చుక్కల మందు వేస్తుంది, తర్వాత నా దగ్గర టోకెన్ తీసుకుని డాక్టరు కోసం కూర్చోవాలి. ఆ మందు పడ్డాక ఎదురుగా ఉన్న మనిషి మొహమే అలుక్కుపోతుంది. ఇక గోడమీద అంకె ఎవరికి కనపడుతుంది?

ఆమె నెంబరు వెలిగింది. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. నిమిషం గడిచింది, రద్దు చేశాను. అలాగే రాసి ఉంది మరి. మళ్ళీ టోకెన్ తీసుకుంది, మళ్ళీ అదే జరిగింది. డాక్టరు వెళ్ళిపోయాడు. పై వారం వచ్చింది, ఆ పై వారమూ వచ్చింది. పక్కవాళ్ళూ మందు వేయించుకున్నవాళ్ళే, వాళ్ళకేం కనపడుతుంది? చెప్పులు వరుసలో పెట్టబోతే వాచ్‌మన్ తీసి బయట పారేశాడు. జుబేదా హైదరాబాదుకు ఫోన్ చేసింది. ప్రద్యుమ్న గొంతు స్పీకర్లో నాకూ వినపడింది. “మెషీన్ రాసినట్టే పనిచేస్తోంది కదమ్మా. మార్పు కావాలంటే మీ మేనేజరు ద్వారా రిక్వెస్ట్ పెట్టండి.” పురందర్ పెట్టలేదు.

చివరికి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన రోజున డాక్టరు ఆమె కన్ను చూసి, “ఇంకా ముందే రావాల్సిందమ్మా” అన్నాడు. తలుపు తెరిచే ఉంది, నేను విన్నాను. ముందే వచ్చిందయ్యా! వచ్చింది, కూర్చుంది, నా చేతుల మీదుగానే వెనక్కి పోయింది. నాకు గొంతు ఇచ్చి ఉంటే ఆ రోజు ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచేదాన్ని. ఆ గొంతును ‘ఇప్పుడు వద్దు’ కింద అతికించింది ఎవరో మీకు తెలుసు.

ఓబులమ్మ ఎడమ కంటి చూపు పోయింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, రాసినదాంట్లో వీసమెత్తు తప్పకుండా పనిచేస్తాను, రాసినవాడు నా ముందుకు వచ్చేదాకా చెడిపోను. తోటి యంత్రాలు దుమ్ముకీ కరెంటుకీ మొరాయిస్తుంటే, నేను పంతం పట్టి పనిచేశాను.

వచ్చాడు. నా విజయగాథ రాసుకుని, ట్రస్టువాళ్ళు కొత్తగా కట్టే ఆసుపత్రులకు కూడా నన్నే అంటగట్టడానికి వచ్చాడు. ట్రస్టు సభ్యులు మేడ మీద ఎదురుచూస్తున్నారు. ఈలోగా పురందర్‌కు ఒక ముచ్చట పుట్టింది. తయారు చేయించినాయనే మామూలు పేషెంటులా టోకెన్ తీసుకుంటే ఫోటో బాగుంటుందట. ప్రద్యుమ్న ఉత్సాహంగా, “ఎలాగూ కళ్ళు మండుతున్నాయి, చూపించుకుంటాను కూడా” అన్నాడు. నర్సు చుక్కలు వేసింది. అతను నా బటన్ నొక్కాడు. చీటీ ఇచ్చాను. అంత ఆనందంగా నేనెప్పుడూ చీటీ ఇవ్వలేదు. ఫోటో తీసుకుని పురందర్ మేడమీదికి పోయాడు.

మందు పట్టేసరికి ప్రద్యుమ్న కళ్ళు చికిలించడం మొదలుపెట్టాడు. అతని అంకె వెలిగించాను. గోడవైపు చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నిమిషం అయింది, రద్దు. తడుముకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

“నా నెంబరు వచ్చిందా అండీ?”

“వచ్చింది, పోయింది సార్” అంది జుబేదా. “ఇంకోటి తీసుకోండి.”

“నేనమ్మా, ప్రద్యుమ్నని. కాస్త ఆపి నన్ను పంపించండి. పైన మీటింగుంది.”

“ఆపేదానికి నాకు బటన్ యాడుంది సార్? మీరే వద్దంటిరి కదా.”

ఆమె ఆ మాట అరవలేదు. చాలా మర్యాదగా అంది. నా రేకు కడుపు చల్లబడింది. రెండో చీటీ ఇచ్చాను, దాన్నీ రద్దు చేశాను. మూడోది ఇచ్చాను. ఎంతకీ రాడేమని ట్రస్టు పెద్ద, పట్టుచీరల వ్యాపారం చేసే చెంగల్రాయుడు, నలుగురినీ వెంటేసుకుని కిందికి దిగాడు. సరిగ్గా అప్పుడే మూడో అంకె వెలిగి ఆరిపోయింది.

“ఈ మిషను చేయించినాయన ఈయనే కదప్పా?” అన్నాడు పెద్దాయన. “ఈయనకే చిక్కడం లేదే ఇది!”

జనం నవ్వారు. ఆనాడు ఏసీ గదిలో చెప్పుల ఫోటో చూసి నవ్విన నవ్వుకు అది అసలూ వడ్డీ కూడా. ప్రద్యుమ్న మొహం కందిపోయింది. బెంచీ తడుముకుని కూలబడ్డాడు.

అతను కూర్చున్నది ఓబులమ్మ పక్కన. మిగిలిన కన్నయినా కాపాడుకుందామని ఆమె వచ్చి ఉంది. అతనెవరో ఆమెకు తెలియదు. ఎవరో పిల్లవాడు కంగారు పడుతున్నాడని మాత్రం అర్థమైంది.

“చెప్పు ఇడువు నాయనా” అంది. అతని బూటు తీసి, డాక్టరు గది ముందు తన రబ్బరు చెప్పు పెట్టి, దానికీ ముందు ఆ బూటు పెట్టింది. అవునండీ, ముందు! వాచ్‌మన్ పెద్దల ముందు నోరెత్తలేకపోయాడు. నాకు మాత్రం మండిపోయింది. ఇన్నాళ్ళు కాపు కాసి దొరకబుచ్చుకున్న మనిషిని ఆమె ఒక్క బూటుతో విడిపించేసింది.

అప్పుడు అడిగాడు ప్రద్యుమ్న, ఎప్పుడో అడగాల్సిన మాట. “చెప్పులు ఎందుకు పెడతారు అవ్వా?”

“మందేసినాక ఏం కనపడతాది నాయనా? ఎవురి చెప్పు వాళ్ళ కాలికి తెలుస్తాది. చూపుండే వాళ్ళెవరైనా జరుపుతారు. మందు దిగినోళ్ళు మందేసినోళ్ళని పిలుస్తారు.” అతని బూటు ఇంకాస్త ముందుకు జరిపి, “ఈ మిషను పెట్టినోడు కండ్లల్లో మందేసుకుని ఒక పూట ఈడ కూర్చోనుంటే నా కన్ను నిలబడుండేది” అంది.

అతను తలొంచుకున్నాడు. ఆ పెట్టినోడు తనేనని మాత్రం ఒప్పుకోలేదు.

తర్వాత అతను చాలా రోజులు ఈ బెంచీల మీదే కూర్చుని అందరినీ అడిగాడు. పేరుపెట్టి పిలిచే కొత్త యంత్రం వచ్చింది, జుబేదాకు బటన్ వచ్చింది. నన్ను తీసుకొచ్చి స్టోరు గదిలో విరిగిన స్ట్రెచర్ పక్కన పడేశారు. అతను మారాడు కదా, ఇంకా పగెందుకు అంటారా? అతని కళ్ళు ఆ సాయంత్రానికే మామూలయ్యాయి. బస్సు కిటికీలోంచి దారంతా చూసుకుంటూ ఇంటికి పోయాడు. అది నాకు మింగుడుపడదు.

స్టోరు గది తలుపుకు కింద సందు ఉంది. కొత్త యంత్రం “ఓబులమ్మ గారు” అని పిలవడం అందులోంచి వినపడుతుంది. ఆ వెంటనే ఆమె గొంతు కూడా వినపడుతుంది, తన పేరు ఎవరో కొట్టేస్తారేమోనన్నంత కంగారుగా.

“వచ్చినా సామీ, వచ్చినా. ఈడనే ఉండా.”