ముప్పై ఒకటో గడి

రెండో నంబరు మిల్లు పదకొండు గంటలకి ఆగిపోయింది. పదకొండూ అయిదుకల్లా మేనేజరు కేకలు మొదలయ్యాయి. ఇంకో అయిదు నిమిషాలకి మెకానిక్ మిల్లు కడుపు కింద వెల్లకిలా దూరి, ఇద్దరు మనుషుల చేత చక్రాన్ని చేతుల్తో తిప్పిస్తూ, పొడవాటి ఇనుప చువ్వ ఒక కొస యంత్రానికీ రెండో కొస తన చెవికీ ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఎంతసేపు మేస్త్రీ?" మేనేజరు బూట్లు తప్ప అతనికి ఇంకేమీ కనబడటం లేదు.

"వినాలి కదండీ. మీరు కాస్త ఊరుకుంటే అది మాట్లాడుతుంది."

బూట్లు రెండడుగులు వెనక్కి వెళ్లాయి. ఆ కార్ఖానాలో మేనేజరుని ఊరుకోమనగల మనిషి అతనొక్కడే. అదీ మిల్లు ఆగినప్పుడు మాత్రమే.

తెల్లరాయిని పిండిచేసే కార్ఖానా అది. ఆ పిండి రంగుల్లోకి పోతుంది, గచ్చు పలకల్లోకి పోతుంది, పళ్లపొడిలోకి కూడా పోతుందంటారు. బయటికి పోగా మిగిలింది అక్కడ పనిచేసేవాళ్ల కనుబొమల మీదా, అన్నం డబ్బా మూతల మీదా, గొంతుల్లోనూ ఉంటుంది.

ఎడమ వైపు బేరింగులో ఒక్క గుండు పగిలింది. పదకొండు గుండ్లు బాగానే ఉన్నాయి. ఏది పగిలిందో తేల్చి, విప్పి, మార్చి, మళ్లీ విని, "ఇక వదలండి" అని బయటికి పాక్కుంటూ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది.

ఆవరణ అవతల, పాత స్టోరు గది ముందు క్యూ అప్పటికే కరిగిపోయింది. పనివాళ్లని పరీక్షించడానికి ఏడాదికొకసారి వచ్చే డాక్టరు ఇవాళ వచ్చాడు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఆ వైపు చూశాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"నలభై ఇద్దరం," అన్నాడు లోడింగు మనిషి. నిద్రలో కూడా నోరు మూయడని అతన్ని అందరూ రేడియో అంటారు. "నేను చొక్కా విప్పేలోపు నా తర్వాతివాడు చొక్కా తొడుక్కున్నాడు. ఏం చెయ్యి మేస్త్రీ ఆయనది! నువ్వు ఒక బేరింగు చూసేలోపు ఆయన నలభై రెండు బళ్లు సర్వీసింగు చేసి పంపేశాడు."

పక్కనున్న వాళ్లు నవ్వారు. మెకానిక్ నవ్వలేదు.

"మా తమ్ముడికి ఏం రాశాడు?"

"అందరికీ ఒకటే. ఫిట్టు." రేడియో గొంతు తగ్గించాడు. "నీకూ ఆయనకీ తేడా ఏంటో చెప్పనా? నువ్వు పని సరిగ్గా చెయ్యకపోతే మిల్లు మధ్యలో ఆగి నీ పరువు తీస్తుంది. ఆయన సరిగ్గా చెయ్యకపోతే మనిషి మొత్తానికే ఆగిపోతాడు. ఇక ఫిర్యాదు చేసేదెవరు?"

తమ్ముడు బస్తాలు నింపే గొట్టం దగ్గర పనిచేస్తాడు. ముప్పై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట బస్తా భుజాన వేసుకుని మెట్లు ఎక్కేవాడు. ఇప్పుడు ఖాళీ చేతుల్తో ఎక్కితే నాలుగో మెట్టు మీద ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు. చెప్పు బాగానే ఉంటుంది. పోయిన సెలవురోజు మధ్యాహ్నం మరదలు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "బావగారూ, ఆయన ఆర్నెల్లుగా పడుకోవటం లేదు, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు" అని చెప్పింది. ఆ రోజే అతను తమ్ముణ్ణి కూర్చోబెట్టి, వీపుకి చెవి ఆనించి విన్నాడు. ముప్పై ఏళ్లుగా యంత్రాల్లో ఎన్నో చప్పుళ్లు విన్నాడు. కానీ ఎండుటాకుల మీద ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టుండే ఆ చప్పుడు ఏ యంత్రంలోనూ వినలేదు.

ఇప్పుడు తమ్ముడు ఎదురొచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. అన్న మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"అన్నా, నీకు దణ్ణం పెడతా. ఆ గదిలోకి వెళ్లకు."

"ఫిట్టని ఎలా రాశాడ్రా?"

"రాశాడుగా, బతికించాడు. పోయినేడు గొట్టం దగ్గర నాతో పనిచేసినవాడికి అన్‌ఫిట్టని రాశాక ఏమైంది? మర్నాడు గేటు లోపలికి రానిచ్చారా? బీడీలు తాగి పాడుచేసుకున్నావని చేతులు దులుపుకోలేదూ? వాడు జన్మలో బీడీ ముట్టినవాడు కాదు."

"మరి మందెవరిప్పిస్తార్రా నీకు?"

తమ్ముడు సమాధానం చెప్పబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేసరికి అన్న దాటి వెళ్లిపోయాడు.

స్టోరు గదిలో ఒక బల్ల, బరువు చూసే కాటా, రెండు కుర్చీలు. డాక్టరుకి అరవై దాటి ఉంటాయి. తల వంచుకుని, పేర్ల పక్కన అంకెలు నింపేసిన కాగితాల మీద సంతకాలు పెట్టుకుపోతున్నాడు. బల్ల చివర ఊపిరి బలం కొలిచే పెట్టె ఉంది. దాని గొట్టంలో ఊదితే తెర మీద అంకె పడాలి.

"నీది రాసేశానులే. మిల్లు కింద ఉన్నావన్నారు," అన్నాడు డాక్టరు తలెత్తకుండా. "ఫిట్టే."

"నన్ను చూడకుండానేనా?"

"నడిచి వచ్చావుగా."

మెకానిక్ కూర్చోలేదు. అతని కళ్లు అలవాటు కొద్దీ పెట్టె వైపు వెళ్లాయి. నోట పెట్టుకునే గొట్టాల పొట్లం సీలు విప్పలేదు. తెర మీద దుమ్ము. అడక్కుండానే పెట్టెని అందుకుని తిరగేశాడు. వెనక మూత లేదు. బ్యాటరీలు ఉండాల్సిన చోట స్ప్రింగులు తుప్పు పట్టి ఉన్నాయి.

"అయితే దీన్ని ఇవాళ నలభై ఇద్దరు ఊదారన్నమాట," అన్నాడు.

డాక్టరు కలం ఆగింది.

"ఇది చచ్చి ఏడాది పైనే అయ్యుంటుంది డాక్టరుగారూ. స్ప్రింగు చూస్తే తెలుస్తోంది. మరి ఆ కాగితంలో అంకెలు ఎక్కడివి?"

డాక్టరు లేచి తలుపు దగ్గరికి వేశాడు. మెకానిక్ పెట్టెని కింద పెట్టలేదు. ఈ మనిషి ఇప్పుడు బతిమాలతాడా, బెదిరిస్తాడా?

రెండూ చేయలేదు. సొరుగు లాగి ఒక ఫైలు తీశాడు.

"రేపు తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు. నా కాగితాలూ మీ యంత్రాల కాగితాలూ ఒకే ఫైలులో పోతాయి. అందుకని ఇది నా దగ్గరుంది." మధ్యలో ఒక పేజీ తెరిచి బల్ల మీద అతని వైపు తిప్పాడు. "దుమ్ము లాగే ఫ్యాను. పోయిన నెల. రోజూ పరీక్షించి, సక్రమంగా పనిచేస్తున్నట్టు సంతకం. ఈ సంతకం ఎవరిది?"

మెకానిక్ వంగి చూశాడు. సంతకం అతనిదే.

"పోయిన నెలకి ఎన్ని రోజులయ్యా?"

"ముప్పై."

"నువ్వు ముప్పై ఒకటో తారీఖున కూడా ఫ్యాను చూశావు. బాగా తిరుగుతోందని రాశావు."

ముప్పై గడుల కింద ముప్పై ఒకటో గడి. అందులోనూ అదే సంతకం, అదే తోక. ప్రతినెలా ఒకటో తారీఖునే మేనేజరు ఆ నెల మొత్తానికీ కాగితం తెచ్చి బల్ల మీద పెడతాడు. టీ చల్లారేలోపు మెకానిక్ పైనుంచి కిందికి గీసుకుంటూ పోతాడు. అచ్చయిన కాగితంలో అన్ని నెలలకీ ముప్పై ఒక్క గడులే. చెయ్యి ఆగలేదు.

"నీ యంత్రాలు నాకు తెలియవు," అన్నాడు డాక్టరు. "కానీ కాగితాన్ని చదవడం తెలుసు. ఆ ఫ్యాను తిరుగుతోందా?"

ఎనిమిది నెలల కిందట రెండో నంబరు మిల్లు బెల్టు తెగింది. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందని, ఫ్యాను బెల్టు విప్పి మిల్లుకి వేయమన్నాడు మేనేజరు. విప్పింది తనే. వేసింది తనే. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. ఫ్యాను బస్తాల గొట్టానికి నేరుగా పైన ఉంటుంది. గొట్టం కింద నిలబడేది ఎవరో అతనికి తెలియదా?

"తిరగటం లేదు," అన్నాడు.

"మీ తమ్ముడి ఛాతీ నేను విన్నాను." డాక్టరు గొంతులో జాలి లేదు, కోపం లేదు. "అందరిదీ వినలేదు. అతనిది విన్నాను. తలుపు దగ్గర దగ్గుతూంటేనే తెలిసింది. అది రాతిదుమ్ము జబ్బు. పోయింది తిరిగి రాదు. ఆ గొట్టం దగ్గర్నుంచి తప్పిస్తే ఉన్నది నిలబడుతుంది. అంతే."

"తెలిసీ ఫిట్టని రాశారా?"

"దుమ్ము జబ్బని రాస్తే, దుమ్ము ఎక్కడిదని అడుగుతారు. ఫ్యాను రోజూ తిరుగుతోందని నువ్వు రాశావు. అప్పుడది బీడీల జబ్బు అవుతుంది. మీవాడు ఒట్టి చేతుల్తో ఇంటికెళ్తాడు. ఫ్యాను తిరగటం లేదని ఫైలులో ఉంటే మందూ కంపెనీ ఇవ్వాలి, తేలిక పనీ కంపెనీ ఇవ్వాలి. నా కాగితం నీ కాగితం మీద నిలబడుతుందయ్యా."

"అయితే ముందు మీరు మార్చండి."

"ముందు నువ్వు మార్చు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెకానిక్ లెక్క వేసుకున్నాడు. ఇదొక వల కాదు కదా? ఫ్యాను ఆగిందని తను చేతిరాతతో రాసిస్తాడు. ఆ కాగితం పట్టుకుని ఈయన మేనేజరు దగ్గర మంచివాడవుతాడు. ఎనిమిది నెలలు అబద్ధం రాసినందుకు గేటు బయట నిలబడేది తను. తమ్ముడి పేరు పక్కన మాత్రం ఫిట్టు అలాగే ఉంటుంది. తలకింత అని కంపెనీ దగ్గర పుచ్చుకునే మనిషి కంపెనీ మీద రాస్తాడా? ఎందుకు రాస్తాడు?

డాక్టరు కళ్లలో కూడా అదే లెక్క నడుస్తోందని అతనికి అనిపించింది. బ్యాటరీలు లేని పెట్టె సంగతి వీడు ఎవరికి చెబుతాడోనని ఆయన భయం ఆయనది.

తలుపు తెరుచుకుంది. మేనేజరు. చేతిలో కొత్త కాగితం.

"ఇక్కడున్నావా మేస్త్రీ! ఊరంతా వెతికిస్తున్నా. ఇవాళ ఒకటో తారీఖు, గుర్తుందా? గబగబా గీసెయ్యి, ఫైలు కుట్టించాలి. డాక్టరుగారూ, మీది తయారేనా?" అని మొహాలు చూసి ఆగాడు. "ఏంటి, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఆరోగ్యం గురించి," అన్నాడు డాక్టరు.

మెకానిక్ కలం తీసుకున్నాడు. మొదటి గడిలో సంతకం పెట్టలేదు. చిన్నబడి పిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాడు. గడి చాలక పక్క ఖాళీలోకి వెళ్లింది: 'ఫ్యాను తిరగటం లేదు. బెల్టు నేనే విప్పాను. ఎనిమిది నెలలయింది.' కింద సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చాడు.

మేనేజరు చదివాడు. మళ్లీ చదివాడు. మొహం ముందు నవ్వడానికి చూసింది, కుదరలేదు.

"మతి పోయిందా? రేపు ఆఫీసరొస్తున్నాడయ్యా!"

"అందుకేనండీ."

"ఇంకో కాగితం తెస్తాను. నోరు మూసుకుని ముప్పై ఒకటీ నింపు. ఆఫీసరు గడులు నిండాయా అనే చూస్తాడు, తారీఖులు చూడడు."

"తేండి. అందులోనూ ఇదే రాస్తా. మిగతా ముప్పై గడులు మాత్రం ఇవాళ నింపను. ఏ రోజుది ఆ రోజు చూసి రాస్తాను."

"రేపు నువ్వు ఇక్కడ ఉంటేగా!"

మెకానిక్ బల్ల అంచు పట్టుకున్నాడు, గ్రీజు వేళ్ల ముద్రలు పడ్డాయి. గుమ్మం బయట ఎవరో "మేస్త్రి కాదన్నాడంట" అన్నారు. అది రేడియో గొంతే. కానీ ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

మేనేజరు అతని మీద నుంచి చూపు తిప్పుకుని డాక్టరు వైపు చెయ్యి చాచాడు. "మీ జాబితా ఇవ్వండి సార్. కనీసం మీదైనా సరిగ్గా ఉంది."

డాక్టరు జాబితా మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"ఇంకా అవలేదు," అన్నాడు. "పంతొమ్మిదో మనిషిని, ఆ బస్తాల గొట్టం దగ్గరతన్ని, ఒకసారి మళ్లీ పిలవండి."

అది నిజంగా మళ్లీ చూడటానికో, మేనేజరుతో బేరం పెంచుకోవడానికో మెకానిక్‌కి అంతుపట్టలేదు. డాక్టరు కళ్లలోకి చూశాడు. ఆయన చూపు కాగితం మీదే ఉంది.

గుమ్మంలోంచి జనం పక్కకి జరిగారు. తమ్ముడు లోపలికి వచ్చి చొక్కా విప్పాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉండచుట్టి పట్టుకుని, దగ్గు ఆపుకుంటూ, ముగ్గురి మధ్యా నిలబడ్డాడు.