గొంతు చించని కేక

ఈత కోచ్ గొంతు పోయి నాలుగు నెలలైంది. పూర్తిగా పోలేదు గానీ, పొద్దున్నే లేస్తే ఓ పది మాటలు వచ్చేవి, ఆ తర్వాత గరగర, మధ్యాహ్నానికి ఒట్టి గాలి. ఆయన పనిచేసేది పైకప్పున్న పెద్ద ఈత కొలనులో. నలభై మంది పిల్లలు కాళ్లతో నీళ్లు కొడుతుంటే ఆ హోరు గోడలకు తగిలి తిరిగొస్తుంది. దాని మీదుగా "మోకాళ్లు వంచకు, మోకాళ్లు!" అని రోజుకు ఆరు గంటలు అరవాలి. గొంతు డాక్టరమ్మ చూసి, స్వరతంతువుల మీద రెండు వైపులా ఆవగింజంత బుడిపెలు కట్టాయని తేల్చింది. ఆపరేషన్ మాట తర్వాత, ముందు థెరపీ చేయించుకోండి అని పక్క గదికి పంపింది.

పక్క గదిలో ఉండేది వాయిస్ థెరపిస్టు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా టీచర్లవీ, లాయర్లవీ, కచేరీలు చేసేవాళ్లవీ గొంతులు దారిలో పెడుతోంది. మాట కన్నా ముందు ఊపిరి వింటుంది. ఎదుటి మనిషి "నమస్తే" అనేలోపే అతని మెడ నరాలు ఎక్కడ బిగుసుకుంటున్నాయో పట్టేస్తుంది.

మొదటి రోజు ఫారం నింపుతూ అడిగింది.

"పాటలు పాడతారా?"

కోచ్ అడ్డంగా తల ఊపాడు. "ఒకప్పుడు" అన్నాడు గరగరగా. "దాన్ని పాట అనరులెండి. అరిచేవాణ్ణి. కుర్రతనం. ఓ బ్యాండు ఉండేది మాకు. నూ మెటల్ అని, ర్యాపూ అరుపులూ కలిపిన రాక్... మీకు తెలియకపోవచ్చు."

ఆమె కలం ఆగింది. "బ్యాండు పేరేంటి?"

చెప్పాడు. ఆమెకు బాగా తెలిసిన పేరే. ఆ బ్యాండు ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది. నల్లటి అట్ట, దాని మీద తుప్పు పట్టిన గొలుసు బొమ్మ. ఆ క్యాసెట్టు అరిగిపోయేదాకా తిరిగింది ఆమె అన్నయ్య గదిలోనే.

"మీరేనా ఆ గొంతు?" అంది, ఇరవై మంది రోగుల్ని చూసిన రోజున కూడా తొణకని మనిషి.

ఆయన మొహం ఎర్రబడింది. మెచ్చుకోలు విన్నవాడి మొహంలా లేదు, దొరికిపోయినవాడి మొహంలా ఉంది. "విన్నారా మీరు? అయ్యో. ఆ పాపమే మేడం ఇది" అని గొంతు మీద వేలితో తట్టాడు. "మూడేళ్లు ఎడాపెడా అరిచాను. అప్పట్లోనే అందరూ చెప్పారు, గొంతు చించుకుంటున్నావురా, ముందు ముందు అనుభవిస్తావని. అనుభవిస్తున్నాను. ఇంట్లో ఉన్న కాపీలన్నీ ఏనాడో పారేశాను. ఇరవై ఏళ్ల పైమాటే, ఒక్కసారి కూడా వినలేదు."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె అన్నయ్య ఇంటికి వెళ్లింది.

అన్నయ్యకు కళ్లజోళ్ల షాపు ఉంది. ఆమెకన్నా రెండేళ్లు పెద్ద. పెద్దగా మాట్లాడడు. చిన్నప్పటినుంచీ నత్తి. ఇప్పుడు చాలావరకు తగ్గింది గానీ కొత్తవాళ్ల ముందు, ఫోన్లో, తన పేరు చెప్పాల్సిన చోట ఇప్పటికీ మాట అడ్డం పడుతుంది. చెల్లెలు అందరి గొంతులూ బాగుచేసేదైనా అన్నకు మాత్రం వైద్యం చేయలేదు. ఎన్నిసార్లు అడిగినా, "నా న-నత్తి జోలికి రాకు చిట్టీ, ఇన్నేళ్లు కలిసి కాపురం చేశాం" అని నవ్వేసేవాడు.

"ఆ పాత పెట్టె ఉందా అన్నయ్యా? నీ నూ మెటల్ పెట్టె."

"ఆ గోలా? ఎందుకిప్పుడు?"

"వినాలి. ఆ పాటలు ఇప్పటికీ నిలబడతాయో లేదో చూడాలి."

"ఏం నిలబడతాయ్, అప్పుడు మన ప్-ప్యాంట్లే నిలబడేవి కావు" అంటూనే కుర్చీ వేసుకుని అలమర మీది పెట్టె దించాడు.

ఆ ప్యాంట్ల సంగతి ఆ ఇంట్లో పెద్ద కథ. ఆ బ్యాండ్లవాళ్లను చూసి కుట్టించుకున్నవి, ఒక్కో కాలిలో ఇద్దరు దూరేంత వెడల్పు, అంచులు నేలంతా ఊడుస్తూ ఉండేవి. "వీడు రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే చాలు, నాకు చీపురు పని తప్పినట్టే" అనేది అమ్మ.

వరసగా పెట్టుకుని విన్నారు. ఆ కాలపు పెద్ద పెద్ద బ్యాండ్లు ఒకటొకటిగా బయటికొచ్చాయి. తీగలు వదులై వేలాడేంతగా శ్రుతి కిందికి దించిన గిటార్లు, ఓ మూలన రికార్డును గీకే డీజే, సగం ర్యాపు, సగం అరుపు. మొదటి దానికి ఇద్దరూ పగలబడి నవ్వారు. రెండోదానిలో ఒకడు పాటంతా వాళ్ల నాన్నను తిట్టాడు. "ఇరవై రెండేళ్ల వాడివి, వేరే ఇల్లు చూసుకోవచ్చుగా నాయనా" అంది ఆమె. మూడోదానిలో ఆడవాళ్ల మీద రాసిన మాటలు వింటే ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. అన్నయ్య గబుక్కున ఆపేశాడు. "ఇది మనం న్-నిజంగా వినేవాళ్లమా?" నాలుగోది ఫరవాలేదు. ఐదోదాని డ్రమ్స్ వింటే మాత్రం ఆమె వెన్ను నిటారైంది. ఆ వాయించినవాడెవడో గానీ అసాధ్యుడు. గోల మధ్యలో సందు చూసి ఒక్కో దెబ్బను నగలో రాయి పొదిగినట్టు పొదిగాడు. అప్పట్లో ఈ సంగతే చెవికెక్కలేదు.

ఆ తర్వాత నల్ల అట్ట ఆల్బమ్ వచ్చింది.

మొదటి మూడు పాటలు మామూలే. రికార్డింగు చవక, గిటార్లు రేకు డబ్బాలో వాయించినట్టున్నాయి. ఆమెకు లోలోపల దిగులేసింది. ఇదీ పోయిందా అనుకుంది. నాలుగో పాట మొదలైంది. గిటార్లు లేవు, ఒక్క బేస్ మాత్రం గుండె కొట్టుకున్నట్టు. దాని మీద కోచ్ గొంతు, ఇరవై మూడేళ్ల గొంతు, గుసగుసగా:

"ఆగు. నా మాట అవ్వలేదు. నువ్వు తలుపు మూసేలోపు నా పేరైనా చెప్పనీ."

అక్కణ్ణుంచి ర్యాపు అందుకుంది. ఊపిరి తీసే సందు లేకుండా మాట మీద మాట, నిమిషం పైన. ఆమె కళ్లు మూసుకుని ఆ ఊపిరి లెక్కపెడుతోంది. అలవాటైన పని అది. అప్పుడు గదిలో ఇంకో గొంతు వినిపించింది.

కళ్లు తెరిచింది. అన్నయ్య గోడకు చేరగిలబడి, చేతిలో ఖాళీ క్యాసెట్టు డబ్బాతో, ఆ గొంతుతో పాటు చెప్పుకుపోతున్నాడు. ఒక్క అక్షరం తొట్రుపడలేదు. ప, క, మ, ఎప్పుడూ అడ్డం పడే అక్షరాలన్నీ నీళ్లలా జారిపోతున్నాయి. నలభై ఒక్కేళ్ల మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు దశాబ్దాలుగా నోట పలకని మాటల్ని ఒక్కటి కూడా మర్చిపోకుండా.

ఆమె కదలలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. లయలో పడితే నత్తి జారిపోతుందని ఆమెకు తెలుసు, పుస్తకాల్లో చదివింది, రోగుల్లో చూసింది. తెలిసి ఉండటం వేరు, సొంత అన్న నోట వినడం వేరు.

పల్లవి దగ్గర కోచ్ అరిచాడు. ఆ అరుపుకు అన్నయ్య ఆగిపోయి డబ్బా కింద పెట్టాడు.

"నువ్వు రోజూ ఇది చెప్పేవాడివా?" అంది ఆమె.

"తలుపేసుకుని. కాలేజీకి ప్-పోయే ముందు. రోజుకు ఒక్కసారైనా ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా వెళ్లాలని." పాట సౌండు తగ్గించాడు. "వాడెవడో గానీ చిట్టీ, నాకు ఆ రెండేళ్లు వాడే న్-నోరు."

వాడెవడో చెప్పింది ఆమె. రోగుల సంగతి బయట చెప్పకూడదు కాబట్టి జబ్బు ఊసెత్తలేదు. "ఆయన నాకు తెలుసు. పిల్లలకు ఈత నేర్పుతాడు" అంది, అంతే.

ఇంటికెళ్లేదాకా ఆమె చెవిలో ఆ అరుపే. పల్లవిలో పదకొండు సెకన్లు సాగే కేక. బయల్దేరే ముందు మూడుసార్లు వెనక్కి తిప్పి వింది. గొంతు చించుకుని అరిచేవాళ్లను రోజూ చూస్తుంది ఆమె. వాళ్ల అరుపులో ఒక చీలిక ఉంటుంది, చివర్లో వణుకు ఉంటుంది. ఇందులో లేదు. పదకొండో సెకను మొదటి సెకను అంత నిండుగా ఉంది. అరిచిన వెంటనే అదే ఊపిరిలో మళ్లీ గుసగుసకు దిగాడు. తంతువులు దెబ్బతిన్నవాడు అలా దిగలేడు.

మర్నాడు డాక్టరమ్మను కలిసింది. "ఆయన అరుస్తుంటే ఒక్కసారి లోపల కెమెరాతో చూడాలండీ."

"బుడిపెలున్న మనిషి చేత అరిపిస్తావా? నీకేమైనా మతి పోయిందా?"

"రెండే సెకన్లు. మెల్లగా. ఏది మానిపించాలో తెలియకుండా ఏం మానిపిస్తాం?"

డాక్టరమ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

కోచ్ ఒప్పుకోవడమే కష్టమైంది. కుర్చీలో కూర్చుని, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దిగాక కూడా కళ్లతోనే వద్దు వద్దు అంటున్నాడు. తెర మీద ఆయన గొంతు లోపలి గది కనిపిస్తోంది. గులాబి రంగు గోడలు, మధ్యలో తెల్లటి రెండు తంతువులు, వాటి మీద ఆ పాడు బుడిపెలు.

"ముందు పిల్లల మీద అరిచినట్టు అరవండి" అంది థెరపిస్టు.

"మోకాళ్లు!"

తెర మీద తెల్లటి తంతువులు రెండూ తలుపుల్లా ధడాలున కొట్టుకున్నాయి. బుడిపె మీద బుడిపె. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"ఇప్పుడు ఆ పాటలోలాగా. అప్పుడెలా చేసేవారో అలాగే."

కోచ్ కళ్లు మూసుకున్నాడు. తర్వాత భుజాలు దించాడు. దవడ వదులు చేశాడు. ఊపిరి పొట్టలోకి దిగింది. మొదటి రోజు నుంచీ ఆమె నేర్పాలని తంటాలు పడుతున్న ఊపిరే అది, అడగకుండానే వచ్చేసింది. ఆపైన ఆ కేక వచ్చింది.

గదిలో అది పెద్దగా లేదు. మాట్లాడినంత కూడా లేదు. ఎక్కడో బండరాయి నేల మీద జరిగినట్టు ఓ గంభీరమైన రొద. అప్పట్లో దాన్ని కొండంత చేసింది మైకు. కానీ తెర మీద కనిపించింది వేరు. తెల్లటి తంతువుల పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు వాటికి పనిలేదు, పక్కకు తప్పుకుని ఉంటాయి. ఇప్పుడు ఆ రెండూ రెక్కల్లా లోపలికి వాలి, గాలికి అలలు అలలుగా ఊగుతున్నాయి. బరువంతా వాటిదే. వాటి అడుగున అసలు తంతువులు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు, ఏ తొందరా లేకుండా, తేలిగ్గా కదులుతున్నాయి. రెండు సెకన్లన్నది ఎనిమిది సెకన్లయింది. ఆపమని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

డాక్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "ముప్పై ఏళ్లలో ఇలాంటిది చూడలేదు" అంది. "ఎవరు నేర్పారండీ మీకిది?"

గొట్టం తీశాక కోచ్ కళ్లు తుడుచుకున్నాడు. "ఎవరూ నేర్పలేదు. మేం ప్రాక్టీసు చేసే షెడ్డులో నేనే... నొప్పి పుడితే తప్పు చేస్తున్నానని అర్థం అనుకునేవాణ్ణి. నొప్పి పుట్టని చోటు దొరికేదాకా వెతికాను. ఏడాది పట్టింది."

థెరపిస్టు రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. "ఇటు చూడండి. ఇది మీ ఉద్యోగం. మీ గొంతును పాడుచేసింది ఇది. ఇది మీ పాట. దీని వల్ల మీకు ఏ హానీ జరగలేదు."

ఆయన రెండో వీడియోనే చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నేళ్లూ దాన్నే తిట్టుకున్నానే" అన్నాడు చివరికి.

ఆ పైన వైద్యం సులువుగానే సాగింది. కొలను గట్టున ఈల, మెడలో చిన్న మైకు, గంటకో గ్లాసు నీళ్లు. మిగతాదంతా ఆయనకు ముందే వచ్చిన విద్య. కేకకు వాడే ఊపిరినే మాటకు వాడమని చెప్పింది, అంతే. మూడు నెలలకు బుడిపెలు కరిగాయి. ఆఖరి పరీక్ష రోజున ఆయన గొంతు కొంచెం బొంగురుగా, నిండుగా, నమ్మకంగా వినిపించింది. అప్పుడు అడిగింది ఆమె. "మీ ఆల్బమ్ వింటారా? మా అన్నయ్య దగ్గర ఉంది. మిమ్మల్ని కలవాలని తహతహలాడుతున్నాడు."

కళ్లజోళ్ల షాపుకు సెలవున్న రోజు, పొద్దున పదింటికి అన్నయ్య ఇంటికి వచ్చాడు కోచ్. అన్నయ్య ఎదురెళ్లి చెయ్యి చాచి పేరు చెప్పబోయాడు. మొదటి అక్షరమే అడ్డం పడింది. మొహం కందిపోయింది. కోచ్ ఆ చెయ్యి వదల్లేదు, మాట అందించలేదు, చూపు తిప్పలేదు. తనకేమీ తొందర లేనట్టు నిలబడ్డాడు. పేరు మొత్తం బయటికొచ్చాక, "బాగుంది" అన్నాడు.

ముగ్గురూ కూర్చుని మొదటి పాట నుంచి విన్నారు. మొదటి మూడింటికీ కోచ్ తల పట్టుకున్నాడు. "అబ్బా, ఈ గిటారు! ఇంత ఏడుపెందుకు ఏడ్చానో!" నాలుగో పాటకు ముందుకు వంగి విన్నాడు. ఆరో పాటలో డీజే గీకుడుకు పకపకా నవ్వాడు. ఎనిమిదోది అసలు తనకు గుర్తే లేదన్నాడు. అయ్యేసరికి పదకొండైంది.

"ఏమంటారు?" అంది ఆమె. "నిలబడిందా?"

కోచ్ ఆ నల్ల అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఐదు పాటలు చెత్త. రెండు పిల్లచేష్టలు. ఒకటి ఫరవాలేదు." అట్టను బల్ల మీద పెట్టాడు. "ఆ నాలుగోది... మేడం, దాన్ని చేసినవాడికి ఏమీ రాదు. డబ్బాలాంటి మైకు, షెడ్డు, చలి. వాడికి అదెలా తెలిసిందో నాకిప్పటికీ అంతు చిక్కడం లేదు. ఇప్పుడు కూర్చుని రాయమంటే నా వల్ల కాదు."

"మళ్లీ ప్-పెట్టనా?" అన్నాడు అన్నయ్య.

"పెట్టండి" అన్నాడు కోచ్, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "కొంచెం సౌండు పెంచండి."