రెండో సంతకం

పొద్దున్న లేవగానే పెద్దమ్మాయి చేసే మొదటి పని అద్దంలో కుడి చెంప చూసుకోవడం. ఆమె పడుకునేది ఎడమ పక్కకు తిరిగి. అయినా తలగడ మడత ముద్ర కుడి చెంప మీదే పడుతుంది. అంటే చెల్లెలు కుడి పక్కకు తిరిగి పడుకుందన్నమాట. ముద్ర లోతుగా ఉంటే బాగా నిద్రపట్టినట్టు, లేకపోతే లేనట్టు. పన్నెండేళ్లుగా చెల్లెలి గురించి ఆమెకు అందే క్షేమసమాచారం అంతే.

ఇద్దరూ కవలలు. పదకొండు నిమిషాల తేడా. ఒళ్లు రెండైనా ముఖం మాత్రం ఒక్కటే వచ్చింది ఇద్దరికీ. నుదుటి నుంచి మెడ దాకా ఒకరికి ఏం జరిగినా రెండోవాళ్లకీ జరుగుతుంది. చిన్నప్పుడు ఒకరు పడితే ఇద్దరికీ బొప్పి కట్టేది. చర్మం తెగితే నెత్తురు మాత్రం తెగినవాళ్లకే వచ్చేది. వాళ్లమ్మ ఒకే గుడ్డ తడిపి, రెండుగా చింపి, ఇద్దరి నుదుళ్లకూ వేసేది. ఊరికి ఒకటో రెండో అలాంటి జంటలు ఉంటూనే ఉంటాయి కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. ఇంట్లో పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనేవారు. యాభై ఏడేళ్లు వచ్చేసరికి ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పనిచేసే కళ్లద్దాల షాపులో ఆమె "మేడమ్". మెట్ల మీద ఎదురైన పక్కింటివాళ్లకు "ఆంటీ". ఇంట్లో ఆమెకు ఏ పేరూ లేదు, పిలవడానికి ఎవరూ లేరు కనక.

షాపు నిండా అద్దాలే. ఎవరి ముక్కుకో ఫ్రేము సర్దుతూ, చెవి దగ్గర వంపు సరిచేస్తూ, రోజంతా ముప్ఫై చోట్ల తన ముఖం తనే చూసుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆ ముఖం మీది గీతల్లో ఒక్కటీ తను గీసుకున్నది కాదు. ఆమె నవ్వేది తక్కువ, ఏడిచేది ఇంకా తక్కువ. కళ్ల చివర విచ్చుకున్న గీతలు చెల్లెలి నవ్వులవి. కనుబొమల మధ్య నిలువు గాడి చెల్లెలి దిగులుది. నీడపట్టున కూర్చునే మనిషికి బుగ్గలు ఎండకు కమిలి ఉంటాయి.

ఒకరోజు చదువుకునే అద్దాల కోసం వచ్చిన పెద్దాయన ఆమెను తేరిపార చూసి, "మీ ఇంట్లో ఎప్పుడూ సందడే అనుకుంటానమ్మా. మీ కళ్లే చెబుతున్నాయి," అన్నాడు.

ఆమె అద్దాలు తుడిచి, పెట్టెలో పెట్టి ఇచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లి తాళం తీసి, లైటు వేసి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. పొద్దున తాగి వదిలేసిన గ్లాసు వదిలినచోటే ఉంది. మర్నాడు సెలవు పెట్టి ప్లాస్టిక్ సర్జరీ ఆసుపత్రికి వెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ ఆమె గడ్డం పైకెత్తి, ఊదారంగు పెన్నుతో మెడ మీద గీతలు పెట్టింది.

"ఇక్కడ కండరం రెండు తాళ్లలా విడిపోయింది చూశారా? గడ్డం కింద చిన్న కోత పెట్టి కలిపి కుట్టేస్తాను. ముఖానికైతే కణత దగ్గర జుట్టులో మొదలుపెట్టి, చెవి ముందు నుంచి దిగి, వెనక్కి తిరుగుతాను. లోపలి పొరను పైకి తీసి బిగించి, మిగిలిన చర్మం తీసేస్తాను. పై చర్మాన్ని మాత్రం లాగను. లాగితే ఎదురుగాలిలో నిలబడ్డట్టుంటుంది ముఖం."

"అలాగేనండీ. ఈ గీతలన్నీ పోవాలి నాకు. నా ముఖం నాకు ఉండాలి."

డాక్టరమ్మ కాగితం తిప్పి చూసింది. "కవల అని రాశారు. విడి ముఖమా, ఉమ్మడి ముఖమా?"

"ఉమ్మడే."

"అయితే రెండో సంతకం కావాలి."

"మా ఇద్దరికీ మాటల్లేవు డాక్టరుగారూ."

"మాటలు నాకక్కర్లేదమ్మా, సంతకం చాలు."

బయట కౌంటరు దగ్గరి అమ్మాయి ఓదార్చింది. "తెచ్చుకోండి మేడమ్. పోయినేడు ఒకాయన తమ్ముడితో చెప్పకుండా చేయించుకున్నాడు. ఆ తమ్ముడు ఆఫీసు మీటింగులో ఉన్నాడట, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముఖం బిగుసుకుపోయిందట. కోపమొచ్చిందనుకుని అందరూ ఆయన అడిగినవన్నీ ఒప్పేసుకున్నారట."

బస్సులో అయిదు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ నాన్న పోయిన రోజే కళ్లముందు తిరిగింది. ఆ రోజు చిన్నమ్మాయి గుండెలవిసేలా ఏడ్చింది. పెద్దమ్మాయికి ఎందుకో ఒక్క చుక్క రాలేదు. కానీ కళ్లు మాత్రం వాచి ఎర్రబడ్డాయి. వచ్చినవాళ్లంతా ఆమె చుట్టూ చేరి, "పెద్దది ఎంత ఏడ్చిందో పాపం," అని వీపు నిమిరారు. చిన్నమ్మాయి ఆ చివరి నుంచి అందరూ వినేట్టు, "ఆ ఏడుపు నాది. దానికి కంటి తడే లేదు," అంది. తలకొట్టేసినట్టయింది పెద్దమ్మాయికి. చెప్పులేసుకుని వచ్చేసింది. తర్వాత నువ్వంటే నువ్వు ముందు పలకరించాలని పన్నెండేళ్లు గడిచాయి.

చిన్నమ్మాయి ఒక ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. మెడలో ఈల, భుజం మీద తువ్వాలు. నీళ్లలోంచి ఒక పిల్ల తల పైకెత్తి, "టీచర్, ఇంకో మీరు వచ్చారు," అని చెప్పి మళ్లీ మునిగింది.

చిన్నమ్మాయి వెనక్కి తిరిగింది. ఆశ్చర్యపోలేదు. "పొద్దుట్నుంచీ నుదురు ముడుచుకుపోతూనే ఉంది. నువ్వేదో తలపెట్టావనుకున్నాను," అంది.

గట్టు మీద బెంచీలో ఇద్దరూ కూర్చున్నారు. చిన్నమ్మాయి తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని కాగితం ఆసాంతం చదివింది.

"మెడ కూడానా?"

"మెడ కూడా."

చిన్నమ్మాయి కొలను వైపే చూస్తూ అడిగింది. "మా ఆయన పోయి మూడేళ్లయింది. తెలుసా నీకు?"

"తెలీదు."

"నీ కళ్లు వాచలేదూ?"

"వాచాయి."

"ఎన్నాళ్లు?"

"మూడు నెలలు."

"ఏమనుకున్నావు మరి?"

"ఏదో జరిగిందనుకున్నాను."

"షాపులో ఏం చెప్పావు?"

పెద్దమ్మాయి నేలచూపులు చూసింది. "దుమ్ము పడదని చెప్పాను."

చిన్నమ్మాయి ఈల తాడు వేలికి చుడుతూ విప్పుతూ ఉండిపోయింది. "అక్కకు తెలిసిపోతుంది, ఇవాళ కాకపోతే రేపు ఫోన్ చేస్తుంది అనుకునేదాన్ని. ఇంకాస్త గట్టిగా ఏడిస్తే చేస్తావేమోనని, ఏడుపు రాకపోయినా ఏడ్చిన రోజులున్నాయే అక్కా. నువ్వేమో దుమ్మన్నావు."

చిన్నమ్మాయి కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మన మధ్య మిగిలింది ఈ ముఖమొక్కటే. దీన్ని కూడా బిగించి కుట్టించేసుకుంటానంటే నేను సంతకం పెట్టను." రెండో సంతకం పెట్టాల్సిన చోట తన ఫోన్ నంబరు రాసి, కాగితం అక్క ఒళ్లో పెట్టి లేచింది. "ఇంకో బ్యాచ్ పిల్లలొస్తారు. వెళ్తాను."

పెద్దమ్మాయి ఆ కాగితం తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకునేది. "ఏం చేస్తున్నావు" అని అడగాలా, "తప్పయింది" అని మొదలుపెట్టాలా తేలక, ఫోన్ పక్కన పెట్టి అన్నం వండుకునేది. అలా నెలన్నర గడిచింది.

ఒక పొద్దున పదకొండు గంటలవేళ బ్యాంకు గుమాస్తా ఒకాయనకు ఫ్రేము సరిచేస్తోంది. ఆయన ఉన్నట్టుండి, "మేడమ్, మీ మూతి..." అని ఆగిపోయాడు. తలెత్తి చూస్తే ముప్ఫై అద్దాల్లోనూ ఎడమ పెదవి మూల కిందికి జారిపోతోంది. దాని వెంట బుగ్గ. దాని వెంట కంటి కింది రెప్ప. షాపు ఓనరు పరుగెత్తుకొచ్చి, "పక్షవాతం! చేతులెత్తండమ్మా, రెండూ ఎత్తండి!" అని అరిచాడు. ఆమె ఎత్తింది. రెండు చేతులూ సమంగానే లేచాయి.

"నాకు కాదు," అంది. "మా చెల్లెలికి."

ఆ నంబరు చూడకుండానే వచ్చేసింది ఆమెకు, నెలన్నర పాటు ఫ్రిజ్ మీద చదువుతోంది కదా. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. ఆమె చెప్పగా షాపు ఓనరు ఈతకొలను ఆఫీసు నంబరు వెతికి కలిపిచ్చాడు.

"ఆవిడ ఇవాళ సెలవండీ," అన్నాడు అవతలి మనిషి.

"ఇంటికి మనిషిని పంపండి. తలుపు తీయకపోతే పగలగొట్టండి. అంబులెన్స్‌కు చెప్పండి."

"మీరెవరండీ?"

"ఆవిడ ముఖం నాది కూడా."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఎవరినో కేకేసిన చప్పుడు వినిపించాయి.

చిన్నమ్మాయి వంటింట్లో నేల మీద దొరికింది. ఇంకో గంట ఆలస్యమైతే చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నారు ఆసుపత్రివాళ్లు. పెద్దమ్మాయి సాయంత్రానికి చేరేసరికి మంచం మీద పడుకుని ఉంది. జారిన మూతుల్తో ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నమ్మాయి నాలుక మడతపడుతుంటే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది: "చే... శా... వే."

పెద్దమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎవరి కళ్లు ఎవరి ఏడుపుతో ఎర్రబడ్డాయో చెప్పడం కష్టం.

ఆరునెలల్లో చెయ్యి తేరుకుంది, కాలు తేరుకుంది, మాట వచ్చింది. మూతి మాత్రం రాలేదు. నీళ్లు తాగితే ఎడమ పక్క నుంచి కారిపోయేవి, ఇక్కడ ఈమెకూ, అక్కడ ఆమెకూ. పెద్దమ్మాయి భుజం మీద చేతిరుమాలు వేసుకుని షాపుకు వెళ్లేది. చిన్నమ్మాయి పనే పోయింది. పెదాలు బిగించి ఈల ఊదలేని మనిషికి పిల్లల్నెలా అప్పగిస్తారు? కొలను దగ్గరకు వెళ్లి కాసేపు గట్టు మీద కూర్చుని వచ్చేస్తున్నానని ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడు రోజూ ఫోన్లే.

"ఆపరేషన్ చేసి నిలబెట్టొచ్చట కదే," అంది పెద్దమ్మాయి.

"నాకు చెయ్యరట. రక్తం పల్చబడే మాత్రలు వేసుకోవాలి, ఆపితే మళ్లీ వస్తుందట. కత్తి పెడితే రక్తం ఆగదట."

"నా రక్తం బాగానే ఉందిగా," అంది పెద్దమ్మాయి.

ఈసారి డాక్టరమ్మ దగ్గరకు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆవిడ పెద్దమ్మాయి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తొడ కండరం మీది పొరలోంచి సన్నటి పట్టీ తీసి పెదవి మూలను కణతకు కడతాను. కత్తిగాటు మీకు, ముఖం ఇద్దరికి," అంది. "మెడ సంగతేం చేద్దాం? అప్పుడు అడిగారు కదా."

పెద్దమ్మాయి చెల్లెలి వైపు చూసింది.

"అది కూడా కానిచ్చెయ్యండి," అంది చిన్నమ్మాయి. "పిల్లలు నా మెడ చూసి తాబేలు టీచరంటున్నారు." సంతకం పెట్టింది. చెయ్యి ఇంకా కొంచెం వణికింది గానీ అక్షరాలు నిలబడ్డాయి.

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటలూ చిన్నమ్మాయిని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, కౌంటరు అమ్మాయి ఎదురుగా కాపలా కూర్చుందట. రెండో గంటలో పెదవి మూల కదిలిందని, మూడో గంటకు బుగ్గ పైకి లేచిందని, నాలుగో గంటలో నీళ్లు తెచ్చి ఇస్తే బొట్టు కారకుండా గ్లాసెడూ తాగేసి, ఇంకో గ్లాసు అడిగిందని తర్వాత చెప్పింది.

పెద్దమ్మాయికి తెలివొచ్చేసరికి గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా బిగుతుగా కట్టు ఉంది. పక్క మంచం మీద చెల్లెలు కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కట్టు లేదు, కానీ ముఖం వాచి నున్నగా ఉంది.

"మాట్లాడకే అక్కా," అంది చిన్నమ్మాయి పళ్ల మధ్య నుంచి. "నువ్వు నోరు కదిపితే నాకు లాగుతోంది."

డాక్టరమ్మ వచ్చి కుట్లు చూసి, ఇద్దరినీ ఉద్దేశించి వేలు చూపించింది. "రెండు వారాల పాటు ఇద్దరిలో ఎవరూ నవ్వకూడదు. ఎవరు నవ్వినా ఈ కుట్లు తెగుతాయి. మీరు కొలను దగ్గరకు అసలు వెళ్లొద్దు," అని చిన్నమ్మాయికి చెప్పింది. "పిల్లలు నవ్విస్తారు. ఎక్కడుంటారు ఈ రెండు వారాలు?"

"మా అక్క ఇంట్లో ఉంటాను డాక్టరుగారూ," అంది చిన్నమ్మాయి, ముఖంలో ఏ కండరమూ కదలనీయకుండా. "ఆ ఇంట్లో నవ్వొచ్చే ప్రమాదమే లేదు."

పెద్దమ్మాయికి పొట్టలో ఎక్కడో మొదలైంది. ఆపుకుందామనుకుంది, ఆగేట్టు లేదు. రెండు చేతుల్తో దవడలు గట్టిగా అదిమి పట్టుకుని, కళ్లు మూసుకుని, మంచం ఊగేట్టు ఊగిపోయింది. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూస్తే, పక్క మంచం మీద చిన్నమ్మాయి కూడా దవడలు పట్టుకునే ఉంది.