ఎరువుల సేటు చేనిలో గొర్రెల మంద

కొత్తకోటలో నాకు ఎరువుల దుకాణం ఉంది. దుకాణం ముందు ఒక పెద్ద బొమ్మ వేలాడుతుంటుంది. నడుము దాకా పెరిగిన పైరులో నిలబడి ఒక రైతు పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. అలా నవ్వే రైతు మా వైపు ఇంతవరకు ఎవరికీ ఎదురుపడలేదు. కానీ ఆ బొమ్మ కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చినదాన్ని నేను ఎన్నడూ కాదనలేదు.

తొంభై రెండులో డీఏపీ ఎరువు ధర ఉన్నట్టుండి పైకి లేచింది. రైతులు మెట్లెక్కి వచ్చి, ధర విని, కుండలోని చల్లటి నీళ్లు తాగి, మర్యాదగా దిగిపోయేవారు. నీళ్లకు గిరాకీ బాగానే ఉండేది. వచ్చిన ప్రతివాడికీ నేను ఒకటే మాట చెప్పేవాడిని.

"భూమికి నువ్వు పెట్టకుంటే, భూమి నీకెట్ల పెడ్తది?"

మాట అబద్ధం కాదు. ఏం పెట్టాలన్న దగ్గరే తిరకాసు.

నాకూ ఊరి బయట మూడెకరాల ఎర్ర చెల్క, అంటే వాన మీద ఆధారపడే ఎర్రనేల, ఉంది. ఇంటికి ఏడాది పొడుగునా కావలసిన జొన్నలు, కందులు అందులోనే పండాలి. ఏళ్ల తరబడి నా బస్తాలే దానికి పోశాను. మొదట పొంగింది. తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత మొండికేసింది. వాన పడితే పైన పెంకు కట్టి నీళ్లను పక్క చేనికి సాగనంపేది. వాన పడకపోతే, బస్తా తిన్న మొలకలే అందరికన్నా ముందు మాడేవి. మా పాలమూరులో వాన పడని ఏళ్లే ఎక్కువ కాబట్టి, నేను డబ్బిచ్చి మరీ మొలకలను మాడ్చుకుంటున్నానన్నమాట.

నా భార్య సుగుణమ్మ ఒకనాడు రొట్టె తడుతూ అంది.

"ఏమయ్యా, ఊరందరికి మందులమ్ముతవు. మన చేనుకొచ్చిన రోగం నీకు కనవడ్తలేదా?"

"ఏం జేయమంటవు?"

"మా నాయిన ఏం జేసెటోడు? మంద పెట్టించెటోడు. ఆయన చేన్ల జొన్నలతోని రొట్టె జేస్తే పక్కింటోళ్లు అడుక్కొని తినెటోళ్లు. గీ రొట్టె కుక్క గూడ వాసన జూసి పోతున్నది."

మంద అంటే గొర్రెల మంద. పంట కోతలయ్యాక రైతు పిలిస్తే, కురుమవాళ్లు తమ జీవాలను తెచ్చి రాత్రిపూట చేనిలో పడుకోబెడతారు. తెల్లారేసరికి చేనంతా పెంటికలు, ఉచ్చ. అదే ఎరువు. బదులుగా గొర్లకాపరికి రాత్రి బువ్వ, పోయేటప్పుడు గింజలు. కంపెనీ లేదు, బొమ్మ లేదు.

మిఠాయి దుకాణంవాడు తన మిఠాయి తినడని అందరికీ తెలుసు, అయినా వాడి దుకాణం నడుస్తుంది. ఎరువుల సేటు చేనిలో గొర్లు పడుకున్నాయంటే మాత్రం నా మెట్లు ఎవడెక్కుతాడు? అందుకని మొగులయ్య ఇంటికి పెరటివైపు నుంచి పోయాను. మొగులయ్యకు మూడొందల జీవాలున్నాయి.

"ఏంది సేటు, ఎనుక దారిల వచ్చినవ్? ముంగట దారి బందైందా?"

"నాకు మంద కావాలె మొగులయ్యా. పొద్దుమూకినంక తోల్కరా. తెల్లారకముందే తోల్కపో. ఎవ్వరికి తెల్వొద్దు."

"గొర్లా, దొంగసొత్తా?"

"గింజలు ఇంకిన్ని ఎక్కువిస్త."

"గింజలు సరే. కుక్కలకు మాత్రం నువ్వే చెప్పుకో, మొరగకుండ్రి అని. నా మాట ఇనయి."

అలా మంద వచ్చింది. మామూలుగా అయితే పెంటికలను ఎండకు వదిలేసి తొలకరి దాకా చేను ముఖం చూడరు. నాకు అంత నిబ్బరం లేదు. ఎవరైనా చూస్తారన్న భయంతో రోజూ ఎండ పొడవకముందే నాగలి కట్టించి, రాత్రి ఎరువును తెల్లారేసరికి మట్టి కింద దాచేవాడిని. పెంటిక పచ్చిగా, ఉచ్చ తడిగా ఉండగానే లోపలికి పోయేది. సిగ్గుతో దున్నిన దుక్కి అది. ఆ ఏడు వాన మధ్యలో ముఖం చాటేసింది. పక్క చేలు తలలు వేలాడేశాయి. నా జొన్న మాత్రం దుకాణం బొమ్మలో ఉన్నట్టే నిలబడింది. నవ్వే రైతు ఒక్కడే తక్కువ.

ఆ లోటు కంపెనీ ఏజెంటు ప్రభుదాసు తీర్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మోటారు సైకిలు ఆపి, నా చేను చూసి చేతులు జోడించాడు.

"వెంకటన్న గారూ! ఇది కదండీ మన సరుకు సత్తా!"

నేను ఔననలేదు, కాదనలేదు, తల ఊపాను. ఎటు ఊపానన్నది చూసేవాడి ఇష్టం. వారం తిరక్కముందే చేనులో కంపెనీ బోర్డు లేచింది. ఆ పైన రైతుల మీటింగు, పులిహోర పొట్లాలు, చుట్టుపక్కల ఊళ్లకు లారీ. మీటింగులో నేను మాట్లాడాలి, నా గోదాములో మూలుగుతున్న బస్తాలు ఆ మాటతో కదలాలి.

మీటింగు ముందునాడు మొగులయ్య దుకాణానికి వచ్చాడు. ముందు దారి నుంచే వచ్చాడు.

"సేటు, నీ చేన్ల బోర్డు జూసిన. నాకు సదువు రాదు. ఏం రాసిండ్రు?"

ఈ పంట మా కంపెనీ ఎరువుతోనే పండిందని రాసుంది, చదివి చెప్పాను.

"మరి నా గొర్ల పేరు?"

"బోర్డు చిన్నది మొగులయ్యా."

"నోరు చిన్నది గాదు గద. రేపు నోటితోని జెప్పు. నా జీవాలు కష్టవడితే కంపెనీ పేరు జెప్తవా? జెప్పకుంటే ఇగ నా మంద నీ చేన్ల అడుగు పెట్టది."

అతను పోయాక లెక్క చూసుకున్నాను. ఒకవైపు గోదాము. ఇంకోవైపు మూడెకరాలు, ఇంటిల్లిపాది రొట్టె. గొర్లు రాకపోతే రెండేళ్లలో చెల్క మళ్లీ పెంకు కడుతుంది. అయినా వ్యాపారి బుద్ధి, రెండూ దక్కించుకోవాలనుకున్నాను. మీటింగులో బస్తాల పేరు చెప్పి, తర్వాత మొగులయ్యను గింజలతో చల్లబరచవచ్చని మజ్జిగన్నం తినేలోపు తీర్మానించుకున్నాను.

మర్నాడు లారీ నిండా రైతులొచ్చారు. ఉపన్యాసం కన్నా ముందే పులిహోర అయిపోయింది. ప్రభుదాసు నన్ను ముందుకు పిలిచాడు.

"ఎకరాకు ఎన్ని బస్తాలు వేశారో మీ నోటితోనే చెప్పండి సార్."

గొంతు సవరించుకున్నాను. "ఎకరానికి రెండు బస్తాల డీఏపీ, పైన యూరియా..."

నా చేను గట్టు పక్క రైతు ఇమామ్ సాహెబ్ లేచి నిలబడ్డాడు.

"సేటూ, ఒక్క సవాలు. నీ బస్తాలు పొద్దుమూకినంక మ్యా మ్యా అంటయా? మా ఇంటి దాక ఇనొచ్చినయి."

నవ్వులు. ఆయన ఆగలేదు.

"ఇంకొకటి. నీ దుక్కి సాల్లల్ల యూరియా నల్లగ, గుండ్రగ ఉండె. మాకేమో తెల్లది అమ్ముతివి. మంచి మాలు ఇంట్ల దాచుకుంటవా?"

ప్రభుదాసు నా చెవి దగ్గరకు వంగాడు. "నల్ల యూరియా అంటే కొత్త రకమా అండీ? నాకు చెప్పలేదే!"

గుంపు చివర మొగులయ్య కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. అందరూ నవ్వుతున్నారు, అతను ఒక్కడే నవ్వడం లేదు. నా అబద్ధానికి ఆ గుంపులో కొనేవాడు లేడని తేలిపోయింది. కొనేవాడు లేని సరుకును పట్టుకుని కూర్చునేవాడు వ్యాపారి కాడు.

"ఒక్క బస్తా గూడ ఎయ్యలే," అన్నాను. "మొగులయ్య మంద పెట్టించిన. గా గొర్లే పండించినయి." అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "అయితే పెంటిక ఎండనియ్యొద్దు. పొద్దుగాల్నే దున్ని మట్టిల కలపాలె. గది నా పద్ధతి," అని కూడా అన్నాను. సిగ్గుకు పద్ధతి అని పేరు పెట్టేసరికి జనం శ్రద్ధగా విన్నారు.

ప్రభుదాసు తన మనుషులతో బోర్డు పీకించి లారీకెత్తించాడు. రైతులు లారీ వైపు పోలేదు, మొగులయ్య చుట్టూ మూగారు. ఇమామ్ సాహెబ్ ముందు నిలబడి, సంక్రాంతి దాటగానే తన చేనికి మంద కావాలని గట్టిగా అడిగాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఉగాది దాకా ఉన్న రోజులన్నీ నా కళ్ల ముందే అయిపోయాయి. ఉగాది తర్వాత మంద ఇక్కడ ఉండదు, నీళ్ల కోసం అలంపూర్ వైపు తుంగభద్ర ఒడ్డుకు పోతుంది.

"మరి నా వంతు?" అన్నాను.

"నువ్వు అడగలే గద సేటు."

"పేరు జెప్తే వస్తనంటివి!"

"వస్త. ఇప్పుడు గూడ అదే అంటున్న. కాని దినాలేవి? మందను నలుగురి ముంగట అడగాలె. గదీ రివాజు. వాళ్లందరు అడిగిండ్రు. నువ్వేమో పద్ధతి జెప్పుకుంట నిలవడ్డవ్."

ఇమామ్ సాహెబ్ నా భుజం తట్టాడు. "మంచి పద్ధతి నేర్పినవ్ సేటు. అల్లా నిన్ను సల్లగ జూడాలె."

ఆ రోజు నా దుకాణంలో ఒక్క బస్తా కదల్లేదు, చేనికి ఒక్క గొర్రె దొరకలేదు. నిజం చెప్పడం వల్ల వచ్చే లాభం ఇంతేనా అని ఇంటికి పోయి సుగుణమ్మ మీద విసుక్కున్నాను.

"గొర్లోళ్లు ఉగాది దాటినంక ఎందుకు పోతరు?" అంది ఆమె.

"నీళ్లకు."

"మన బాయిల లేవా?"

ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లంతా బావులకు మోటార్లు బిగించి వరి వేస్తే, నేను పిసినారితనంతో మోటారు కొనలేదు. వాళ్ల బావులు మాఘం దాటితే అడుగంటుతున్నాయి, నా బావిలో నీళ్లు అలాగే ఉన్నాయి. పిసినారితనానికి వడ్డీ ముడుతుందని నాకే తెలియదు.

మర్నాడు ముందు దారి నుంచే పోయి, నలుగురు వింటుండగా మొగులయ్యను అడిగాను. ఉగాది తర్వాత మంద నా చేనిలోనే ఉండాలి, నీళ్లు నావి.

"మూడొందల జీవాలు సేటు. పూటకు ఎన్ని బొక్కెన్లో తెల్సునా?"

"తెల్వదు."

"అయితే ఇప్పుడే ఒప్పుకో. తెల్సినంక ఒప్పుకోవు."

ఒప్పుకున్నాను. చైత్రం ఎండలో తెలిసింది. ఒకరోజు కిరాయికి మోటారు తెచ్చాను. కరెంటు రెండు గడియలు వచ్చి, బలహీనంగా మిణుకుమని, మోటారును కాల్చి పోయింది. గొర్లకు కరెంటు వేళలు తెలియవు. అప్పటి నుంచి దుకాణానికి తాళం వేసి నేను తోడటం, సుగుణమ్మ తొట్టిలో పోయడం. అరచేతులు బొబ్బలెక్కాయి. తాగిన గొర్రె పక్కకు జరిగితే తాగని గొర్రె ముందుకొస్తుంది. నా దుకాణం ముందు అలాంటి వరుస ఎన్నడూ చూడలేదు.

ఒకనాడు ఇమామ్ సాహెబ్ దప్పికతో నాలుకలు చాచిన రెండు బర్రెలను తోలుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి ఎకసెక్కాలాడలేదు.

"సేటూ, నా బాయి ఎండింది. జర వీటికి ఇన్ని నీళ్లియ్యి. కావాలంటే ఒక పూట నేను తోడుత."

"రెండు పూటలు."

"రెండు బర్లకు రెండు పూటలా? ఏం న్యాయం?"

"బర్లు గొర్లంత తాగయా?"

"ఒక పూట, పైన మా ఇంటామె బడేబీ నీకు సల్ల పంపుతది."

బొబ్బల చేతులతో బేరం ఎక్కువసేపు సాగదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ముందు తాడు ఆయన చేతికిచ్చాను. తర్వాత, చల్ల రోజూనా ఒక్కరోజా అని అడిగాను.